కొండ కింద నిలబడిన రాజు

కథ చెప్పేవాళ్లను ఊరంతా మెచ్చుకుంటుంది. ఊ కొట్టేవాళ్ల సంగతి ఎవరికీ పట్టదు. ఆ ఊ లేకపోతే ఎంత గొప్ప రాజైనా కోట గుమ్మం దాటలేడు. ఈ సంగతి బెళుగుప్ప దగ్గరి ఒక పల్లెలో ఇద్దరికే తెలుసు. ఒకరు కథలు చెప్పే సుబ్బలక్ష్మమ్మ. రెండోది తిప్పమ్మ. రెండెకరాల ఎర్రనేల, మొగుడు లక్ష్మన్న, ఊరందరూ గుర్తుపట్టే గొంతు తిప్పమ్మ ఆస్తి. గొంతంటే పాటలు పాడే గొంతనుకునేరు. కాదు, ఊ కొట్టే గొంతు.

ఎండాకాలం చివర, విత్తనానికి చెనక్కాయలు ఒలిచే రోజుల్లో గోవిందప్ప ఇంటి వసారా ఆడవాళ్లతో నిండిపోయేది. గోవిందప్పది ముప్పై ఎకరాల మెట్ట సేద్యం. మిషనుకు వేస్తే పప్పు పగులుతుందని, పగిలిన పప్పు మొలవదని మూటలకు మూటలు చేత్తోనే ఒలిపించేవాడు. పక్కవీధిలో ఇంకో ఇద్దరు రైతులు అంతే కూలి ఇస్తామని పిలిచినా ఆడవాళ్లు గోవిందప్ప ఇంటికే ఎగబడేవారు. దానికి కారణం గోవిందప్ప మంచితనమని ఆయన అనుకునేవాడు. అసలు కారణం ఆయన తల్లి సుబ్బలక్ష్మమ్మ. ఆవిడ స్తంభానికి ఆనుకుని ఒళ్లో ఇన్ని కాయలు పోసుకుంటే చాలు, రాజులు వరసగా బయల్దేరేవారు.

ఆవిడ రాజులు ఈ నేల మీద పుట్టిన రాజులు. పొద్దున్నే లేచి మొహమైనా కడుక్కోకుండా మబ్బుల వైపు చూసేవారు. రాగిసంగటిలో ఊరిబిండి పచ్చడి నంజుకుని తినేవారు. మంత్రులు చేతులు కట్టుకుని, "ఏమప్పా రాజా, ఈసారన్నా పడతాదా?" అని అడిగేవారు. యుద్ధానికి పోతున్న రాజు కూడా దారిలో ఏనుగు దిగి, పక్కవాడి చేలో ఒక చెట్టు పీకి, ఎన్ని కాయలు పట్టిందో చూసుకుని గానీ కదిలేవాడు కాదు. యుద్ధం ఆలస్యమైతే అయింది.

తిప్పమ్మ పెళ్లయి ఆ ఊరికి వచ్చిన ఏడాదే మొదటిసారి ఆ వసారాలో కూర్చుంది. కొత్తకోడలు కాబట్టి నలుగురిలో మాట్లాడటానికి సిగ్గు. ఊ అనడానికి సిగ్గెందుకని ఊ కొట్టింది. సుబ్బలక్ష్మమ్మ కథ ఆపి, అది ఎవరి గొంతని అడిగి, దగ్గరికొచ్చి కూర్చోమంది. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు స్తంభం పక్క చోటు తిప్పమ్మదే. ఇంకొకరు కూర్చుంటే అవ్వే లేపేసేది.

తిప్పమ్మ ఊ ఒకటి కాదు. రాజు నడుస్తుంటే ఆ ఊ కూడా పక్కన నడిచేది. మంత్రి మాటల్లో మోసం ఉంటే ముక్కులోంచి సాగదీసేది. అది వినగానే అవ్వ నవ్వి, నీకు అనుమానం వచ్చిందా, ఉండు చెప్తానని కథను అటువైపు తిప్పేది. రాణి ఏడిస్తే తిప్పమ్మ ఊ గొంతులోనే ఉండిపోయేది. రాజు క్షేమంగా ఇల్లు చేరినప్పుడు మాత్రం ఇంకొక రకం ఊ వచ్చేది. తల మీంచి నీళ్ల బిందె దించుకున్నప్పుడు వస్తుందే, పొట్టిగా, కిందికి దిగిపోతూ, అట్లాంటిది. ఆ ఊ వినిపిస్తే ఆ రోజుకు కథ అయిపోయినట్టే.

అవ్వకు ఒక పట్టుదల ఉండేది. పొద్దు వాలి ఆడవాళ్లు లేచే వేళకు రాజు నట్టడవిలో ఉన్నా సరే, ఎక్కడో ఒక ముసలమ్మ గుడిసె వెతికి, కాళ్లకు నీళ్లిచ్చి, ఇంత సంగటి పెట్టి పండుకోబెట్టేది.

"మనం ఇండ్లకు పోయి తిని పండుకుంటాం. ఆయప్పను దోవలో నిలబెట్టి పోతే ఎట్లమ్మా?" అనేది.

ఇరవై ఆరేళ్లలో ఆ మాట ఒక్కసారే తప్పింది. తొంభై ఎనిమిదిలో, మృగశిర కార్తెలో. ఆనాటి రాజుది వింత కష్టం. అతని రాజ్యం మీదికి మబ్బులు వస్తాయి, పోతాయి, ఒక్క చినుకు రాలదు. ఈ వాన ఎక్కడికి పోయి ఆగుతోందో నేనే చూసొస్తానని రాజు ఒక మబ్బు వెంటపడి ఒంటరిగా బయల్దేరాడు. కోట తలుపు గడియ వేయనని రాణి మాటిచ్చింది. ఆరు కొండలు దాటాడు. ఏడో కొండ కిందికి వచ్చేసరికి తాగడానికి నీళ్లు లేవు, కాళ్లు కదలవు. "రాజు తలెత్తి చూసినాడు," అంది అవ్వ. తిప్పమ్మ ఊ అనబోయింది. పైన ఫెళ్లుమని ఉరిమింది.

ఊరంతా రెండు నెలలుగా ఎదురుచూస్తున్న వాన. వాకిట్లో ఆరబోసిన కాయలు తడిసిపోతాయని ఆడవాళ్లు చాపలు, గోతాలు ఎత్తుకుని పరుగెత్తారు. నవ్వులు, అరుపులు. తెల్లారి లేస్తే అందరూ చేలల్లో ఉన్నారు. వాన వచ్చాక రాజు ఎవరికి గుర్తుంటాడు? తిప్పమ్మకు గుర్తున్నాడు. మిగిలింది వచ్చే ఏడు వినొచ్చులే అనుకుంది.

వచ్చే ఏడు గోవిందప్ప కొడుకు రాజేంద్ర పప్పు పగలకుండా ఒలిచే కొత్త మిషను తెచ్చాడు. పది రోజుల పని ఒక పూటలో తేలిపోయింది. వసారా ఖాళీ. తిప్పమ్మ ఆగలేక ఒకరోజు గడప దాకా పోయి, రాజు ఏమయ్యాడని అడిగింది. అవ్వ తన రెండు చేతులూ చూపించింది.

"ఉత్త చేతులతో కథ యాడొస్తాదే తిప్పీ? కాయలు టపటపమంటాంటే కదా నా నోరు ఆడేది," అంది.

ఆ మాట అంటూ అవ్వ నవ్వలేదు. తిప్పమ్మకు మళ్లీ అడగబుద్ధి కాలేదు.

తర్వాతి ఏళ్లు ఎట్లా గడిచాయో ఆ పక్క వాళ్లకు చెప్పనక్కర్లేదు. కరువు పనుల్లో మట్టితట్ట మోస్తూ తిప్పమ్మ మబ్బు కనిపించినప్పుడల్లా ఆగి చూసేది. ఆయప్ప ఇంకా ఆ కొండ కిందనే ఉండాడని మొగుడితో అంటే, ముందు మనమెక్కడ నిలబడినామో చూసుకోమని లక్ష్మన్న విసుక్కునేవాడు. అతని విసుగులోనూ తప్పు లేదు. అయినా ఆమెకు దిగులు తీరలేదు. చెప్పినావిడ ఆపేసింది, విన్నవాళ్లు మరిచిపోయారు, ఆ రాజుకు ఈ లోకంలో తాను తప్ప దిక్కు లేదని ఆమెకు గట్టిగా అనిపించేది.

రెండు వేల మూడులో సుబ్బలక్ష్మమ్మకు పక్షవాతం వచ్చింది. అనంతపురం ఆసుపత్రిలో ఇరవై రోజులు ఉంచి ఇంటికి తెచ్చారు. కుడిపక్క పడిపోయింది. మాట పూర్తిగా పోయింది. మిగిలింది ఒక్క ఊ. చూడటానికి వచ్చినవాళ్లు కాఫీ తాగుతావా అంటే ఊ, వద్దా అంటే ఊ. పాపం, మతి కూడా పోయిందని ఆవిడ ఎదుటే అనుకునేవారు. వయసులో ఉన్నప్పుడు అట్లా అని ఉంటే ఒక్కొక్కరినీ కడిగేసేది.

తిప్పమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. లోపల కోడలు హేమావతి గ్లాసు పట్టుకుని బతిమాలుతోంది. అవ్వ ఊ అంది. తిప్పమ్మ ఆ ఊను గుర్తుపట్టింది. అది ముక్కులోంచి సాగిన ఊ.

"హేమక్కా, అవ్వకు కాఫీ వద్దు. ఎండ మొగాన కొడతాంది, మంచం జరపమంటాంది."

హేమావతి నమ్మకం లేకుండానే మంచం జరిపింది. అవ్వ ఊపిరి వదిలి, తిప్పమ్మ వైపు చూసింది. కంటి నుంచి నీళ్లు చెవి దాకా కారాయి.

తిప్పమ్మ ఇంటికి పోయింది. ఆ ఏడు వాన లేక విత్తని కాయలు ఒక గోతంలో ఉన్నాయి. విత్తనం కాయలు ముట్టుకోకూడదని తనకు తానే పెట్టుకున్న కట్టడి ఉంది. దాన్ని పక్కన పెట్టి, కొంగు నిండా పోసుకుని వచ్చి మంచం పక్క నేల మీద కూర్చుంది.

"అవ్వా, రాజు ఏడో కొండ కింద నిలబడినాడు. తలెత్తి చూసినాడు."

"ఊ," అంది అవ్వ.

ఇక ముందుకు పోవాలి. తిప్పమ్మ జన్మలో కథ చెప్పింది లేదు. రాజు ఎట్లనో కొండ ఎక్కినాడని చెప్పి చూసింది. అవ్వ ముక్కుతో ఊ అంది. కొండ మీద అమ్మవారు కనిపించి వరమిచ్చిందంది. మళ్లీ అదే ఊ, ఇంకొంచెం సాగి. నిజమే, అవ్వ రాజులకు ఏ దేవతా ఊరికే ఏమీ ఇచ్చింది లేదు. తిప్పమ్మకు ఏడుపొచ్చింది. అప్పటిదాకా చేతులు ఊరికే పెట్టుకుని కూర్చున్నానని అప్పుడు తెలిసింది. ఒక కాయ తీసి వేళ్ల మధ్య నొక్కింది. టప్పుమంది. ఇంకొకటి నొక్కింది. ఆ చప్పుడుతో పాటు ఆనాటి వసారా, తడిసిన చాపలు, ఆడవాళ్ల అరుపులు, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి.

"అవ్వా, అప్పుడు వాన వచ్చింది. మనమంతా చాపలెత్తుకొని లోపలికి ఉరికినాం. ఆయప్ప ఉరకలేదు. వాన యాడ ఆగిపోతాదో చూసేకి పోయినోడు కదా, ఆడనే నిలబడి తడిసినాడు. ఇన్నేండ్లూ ఎండలో నిలబెట్టి వచ్చినామని నేను ఏడ్చుకుంటాంటి. ఎండలో లేడవ్వా. ఆయప్ప వానలో ఉండాడు."

ఈసారి అవ్వ ముక్కుతో ఊ అనలేదు. ఎడమచెయ్యి కాస్త పైకెత్తింది. తిప్పమ్మ ఆ అరచేతిలో ఒక కాయ పెట్టింది.

తర్వాత కథ ఎక్కడా ఆగలేదు. రాజు ఆరు కొండలూ వెనక్కి దాటుకుంటూ వచ్చాడు. వెంట మబ్బు వచ్చింది. కోట తలుపుకు గడియ లేదు. తడిసిన కిరీటం చిలక్కొయ్యకు తగిలించి కూర్చుంటే రాణి కాళ్లకు నీళ్లిచ్చింది. వేడి సంగటి ముద్ద, ఊరిబిండి పెట్టింది. రాజు కడుపు నిండా తిని, వాన చప్పుడు వింటూ పండుకున్నాడు.

తిప్పమ్మ ఆపి తలెత్తింది. మంచం మీంచి ఊ వినిపించింది. పొట్టిగా, కిందికి దిగిపోతూ, తల మీంచి బిందె దించుకున్నప్పుడు వచ్చే ఊ. ఇరవై ఆరేళ్లు అవ్వకు తాను ఇచ్చిన ఊ అది.