పద్నాలుగో నంబరు జెర్సీ కోసం

మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకు పన్నెండు జెర్సీలు. నంబర్లు నాలుగు నుంచి పదిహేను దాకా. ఆ జులైలో కొత్త జట్టు కోసం పీడీ సార్ బీరువా తెరిచి లెక్కపెడితే పదకొండే ఉన్నాయి. పద్నాలుగో నంబరు లేదు.

అది ఎవరి దగ్గరుందో అందరికీ తెలుసు. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. చదువు ముగించి వెళ్ళే ఆటగాడు తన జెర్సీని ఉతికి, మడిచి బీరువాలో పెట్టి వెళ్తాడు, కొత్త జట్టు మొదటి ప్రాక్టీసు రోజున వచ్చి కోర్టు మధ్య వలయంలో నిలబడి తర్వాతివాడి చేతికి ఇస్తాడు. పద్నాలుగో నంబరు వేసుకున్న మొగిలి బీరువాలో పెట్టలేదు. ఆఖరి పరీక్ష రాసిన మర్నాడే పెట్టె సర్దుకుని హైదరాబాదు వెళ్ళిపోయాడు. అక్కడ కొండాపూర్ దగ్గర కడుతున్న ఒక ఆఫీసు భవనానికి సైట్ ఇంజనీరుగా చేరాడని తెలిసింది. కొత్త జట్టు ప్రాక్టీసు ఆదివారం. పీడీ సార్ మమ్మల్ని పిలిచి, "ఎట్లనన్న జేసి పట్టుకరాండ్రి" అన్నారు. అందుకే గురువారం పొద్దున బయల్దేరాం.

బయల్దేరింది ముగ్గురం: నేను, సమ్మయ్య, ప్రసాద్. ముగ్గురిలో ఎవరమూ ఎన్నడూ జట్టులో ఆడలేదు. కాని నాలుగేళ్ళలో ఒక్క మ్యాచ్ కూడా వదల్లేదు. సమ్మయ్య బాస్కెట్ వెనక నిలబడి డప్పు కొట్టేవాడు. తెనాలి నుంచి వచ్చి మా హాస్టల్లో చదివిన ప్రసాద్ నీళ్ళ సీసాలు, తువ్వాళ్ళు మోసేవాడు. నేను బెంచీ చివర కూర్చుని మా జట్టు స్కోరు పుస్తకం రాసేవాణ్ణి. ఎవరు ఎన్ని పాయింట్లు, ఎన్ని ఫౌళ్ళు అని పీడీ సార్ అడిగితే చెప్పడం నా పని.

ఉదయం ఆరు యాభైకి కాజీపేటలో రైలెక్కాం. జనరల్ పెట్టె. కిటికీ పక్క రెండు సీట్లు దొరికాయి, మూడోవాడు జనగామ దాకా నిలబడ్డాడు. సమ్మయ్య వాళ్ళమ్మ పేపర్లో చుట్టి ఇచ్చిన సర్వపిండి ఘన్‌పూర్ రాకముందే అయిపోయింది. మీరు వెళితే తిండి వెంట తీసుకెళ్ళండి. ఆ రైల్లో జనగామ దాటేదాకా టీ తప్ప ఏమీ రాదు.

మాటలు సహజంగానే పోయిన సీజను మీదికి మళ్ళాయి. తొమ్మిది మ్యాచ్‌లు, మూడు గెలుపులు, ఆరు ఓటములు. అంతకుముందు ఏడాది ఏడు గెలిచిన జట్టే అది. కరీంనగర్ మీద గెలుపుతో మొదలుపెట్టి, ఖమ్మంలో ఒకటి, సొంత కోర్టులో ఒకటి గెలిచాం. తర్వాత వరసగా ఐదు ఓడాం. అయినా ఇతర జట్ల ఫలితాల వల్ల ఆఖరి మ్యాచ్ గెలిస్తే పై రౌండుకు వెళ్ళే దారి మిగిలింది. ఆ మ్యాచ్ అరవై ఒకటికి అరవైతో పోయింది.

ఎదురు సీట్లో ఒక పెద్దాయన, రోజూ పాసు మీద సికింద్రాబాదు వెళ్ళే రైల్వే ఉద్యోగి, టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని వింటున్నాడు. "ఒక్క పాయింటా? ఎట్ల పోయింది బిడ్డా?" అని అడిగాడు.

"మావోడే పోగొట్టిండు తాతా," అన్నాడు సమ్మయ్య. "నిమిషంన్నర ఉంది. ఒక పాయింట్ మేమే ముందు. మొగిలి అని ఆరడుగుల మూడంగుళాల మనిషి. ఐదో ఫౌల్ అయింది, బయటికి పో అన్నరు. మా పుస్తకంల నాలుగే ఉండె. వాళ్ళు మోసం జేసిన్రు, ఒప్పుకుంట. అయితే ఏం జేయాలె? మూసుకోని పోవాలె. ఈయన రెఫరీ మీదికి లేసిండు. ఇగ టెక్నికల్ ఫౌల్. ఎదుటోల్లకు రెండు ఫ్రీ త్రోలు. రెండూ పడ్డయ్."

"గంత కోపమున్నోనికి ఆటెందుకు?" అన్నాడు పెద్దాయన.

నేను కిటికీలోంచి బయటికి చూశాను. నా సంచిలో రెండు కాగితాలున్నాయి. వాటి సంగతి అప్పటికి ఈ ప్రపంచంలో నాకొక్కడికే తెలుసు.

ఆట తెలియనివారి కోసం చెబుతాను. ఐదు ఫౌళ్ళు చేసిన ఆటగాడు బయటికి వెళ్ళాలి. ఫౌల్ జరిగినప్పుడు రెఫరీ ఆ ఆటగాడి నంబరును వేళ్ళతో చూపిస్తాడు. నాలుగుకు ఒక చేతి నాలుగు వేళ్ళు. పద్నాలుగుకు ఒక చేయి పిడికిలి, రెండో చేయి నాలుగు వేళ్ళు. పిడికిలి అంటే పది. ఆ మ్యాచ్ రెండో సగం మొదట్లో నేను అంతకుముందు పడిన బాస్కెట్ తాలూకు గీత దిద్దుతూ ఉన్నాను. విజిల్ విని కళ్ళెత్తేసరికి రెఫరీ పిడికిలి దించేశాడు. నాకు నాలుగు వేళ్ళే కనిపించాయి. ఆ ఫౌల్‌ను నాలుగో నంబరు ఆటగాడి వరసలో వేశాను.

అధికారుల స్కోరు షీటు కార్బన్ కాపీ ఓడిన జట్టుకు కూడా ఇస్తారు. దాన్ని ఎవరూ తెరవరు. మార్చిలో సీజను మొత్తం శుద్ధప్రతి రాస్తూ నేను తెరిచాను. రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఒక్క గీత. అధికారులు మోసం చేయలేదు. మొగిలికి నిజంగానే ఐదు. అప్పటికే కాలేజీలో వాడు కనిపిస్తే చాలు, "పద్నాలుగు, పద్నాలుగు, ఇంట్ల గూసో!" అని పాట కట్టి అరుస్తున్నారు. నేను నోరు విప్పలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండగా పరీక్షలొచ్చాయి. మొగిలి వెళ్ళిపోయాడు.

తొమ్మిది ముప్పై ఐదుకు సికింద్రాబాదు. స్టేషన్ ఎదుట ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. తొమ్మిది యాభై ఐదుకు పటాన్‌చెరు బస్సెక్కాం. అమీర్‌పేటలో కాలు పెట్టే చోటు లేదు. మెడలో కంప్యూటర్ కోర్సుల సంచులు వేసుకున్నవాళ్ళే సగం మంది. కూకట్‌పల్లి దాటాక ఖాళీ అయింది. లింగంపల్లిలో దిగేసరికి పదకొండు ఇరవై.

ఇక్కడ మేం చేసిన తప్పు మీరు చేయకండి. లింగంపల్లిలో కొండాపూర్ ఆటో అని అడిగి ఎక్కాలి. మేం ముందు కనిపించిన గచ్చిబౌలి ఆటో ఎక్కి చౌరస్తాలో మళ్ళీ మారాం. ఏడుగురి ఆటోలో పదకొండు మందిమి. నా పక్కన ఖాళీ పాల క్యాను పెట్టుకుని ఒక పెద్దమ్మ కూర్చుంది. నానక్‌రామ్‌గూడ ఆమెది.

"ఏడికి పోతున్రు బిడ్డా? నౌకరికా?"

"కాదమ్మా, స్నేహితుణ్ణి చూడటానికి."

"ఈ దిక్కు ఎవలొచ్చినా నౌకరికో, భూమికో వస్తున్రు. ఉత్తగ మనిషిని సూడనీకి వచ్చినోల్లను మిమ్ముల్నే సూస్తున్న," అని నవ్వింది. నిజానికి మేమూ ఒక వస్తువు కోసమే వచ్చాం.

కొండాపూర్ మలుపులో బండరాళ్ళ మీదుగా హైటెక్ సిటీ భవనం కనిపించింది. తెరిచి ఇంకా ఏడాది కాలేదు. చుట్టూ రాళ్ళు, తుమ్మచెట్లు, మధ్యలో గుండ్రంగా అద్దాలు.

"ఒరేయ్, అదిగోరా! టీవీలో చూపించేది అదే!" అని ప్రసాద్ ఆటోలోంచి సగం బయటికి వంగాడు.

"గింతేనా? మా ఊరి నీళ్ళ ట్యాంకి గిట్లనే గుండ్రంగుంటది," అన్నాడు సమ్మయ్య. కాని ఆటో మలుపు తిరిగేదాకా వాడూ కళ్ళు తిప్పలేదు.

పన్నెండు పదికి సైటుకు చేరాం. ఆ రోజు మూడో అంతస్తుకు స్లాబ్ వేస్తున్నారు. మిక్సర్ చప్పుడు, పాలమూరు కూలీల వరస, తట్ట వెనక తట్ట. మొగిలి పైన, పసుపు హెల్మెట్టుతో, స్లాబును మోసే సెంట్రింగ్ కొయ్యల కింద నడుము వంచి నడుస్తున్నాడు. మమ్మల్ని చూసి కిందికి వచ్చాడు. సమ్మయ్య వైపు చూడలేదు.

"రఘూ, తిన్నరా? స్లాబ్ పడ్తుంది. మిక్సర్ ఆపేదాక నేను కదల. ఆడ నీడకు కూసోండ్రి. ఇయ్యాల అందరికి మటన్."

స్లాబ్ రోజున కూలీలందరికీ యజమాని భోజనం పెట్టడం అక్కడి పద్ధతి. సిమెంటు బస్తాల పక్కన కూర్చుని రెండు గంటల ముప్పై ఐదు నిమిషాలు చూశాం. తట్టలు మోసే బాలమ్మ మాకు నీళ్ళు తెచ్చి ఇచ్చింది. "మా సారు దోస్తులా మీరు? మరి మీరు గంత పొడుగు లేరేంది?" అని అడిగింది. "మేం చప్పట్లు కొట్టేవాళ్ళమండి," అన్నాడు ప్రసాద్. అదేం నౌకరీయో అర్థం కాక ఆమె వెళ్ళిపోయింది.

రెండు నలభై ఐదుకు మిక్సర్ ఆగింది. విస్తళ్ళు వేశారు. మొగిలి మా ఎదురుగా కూర్చున్నాడు. సమ్మయ్య అన్నం ముట్టకుండానే మొదలుపెట్టాడు.

"జెర్సీ ఇయ్యి, పోతం."

"ఇయ్య."

"ఏందిరా ఇయ్యవ్? నీ అయ్య కుట్టిచ్చిండా?"

"మోసం జరిగిన మ్యాచ్ జెర్సీ అది. కొత్త పోరని మెడకెందుకు?"

"మోసం వాళ్ళు జేసిన్రు. ఓడగొట్టింది నువ్వు. జర సైసుకుంటే ఏమయితుండె?"

"ఒరేయ్ ఆపండ్రా, అందరూ చూస్తున్నారు," అన్నాడు ప్రసాద్.

నేను ఎడమ చేత్తో సంచిలోంచి రెండు కాగితాలు తీసి విస్తరి పక్కన పరిచాను. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకున్నవి ఏవీ గుర్తు రాలేదు. "మోసం జరగలేదు మొగిలీ. నీకు ఐదే. తప్పు రాసింది నేను," అన్నాను. తర్వాత వేళ్ళతో చూపించాను, పిడికిలి ఎక్కడ పోయిందో.

మొగిలి చేయి కడుక్కుని, ప్యాంటుకు తుడుచుకుని, కాగితాలు తీసుకున్నాడు. డ్రాయింగు చూసినట్టు ఒక్కో వరసా చూశాడు.

"ఎన్నడు తెల్సింది నీకు?"

"మార్చిలో."

"ఇన్ని దినాలు కడుపుల పెట్టుకున్నవా బే!" సమ్మయ్య లేచి నిలబడ్డాడు. మొగిలి చేయి ఎత్తి వాణ్ణి ఆపాడు.

"నా లెక్కల గూడ నాలుగయినయ్ రఘూ," అన్నాడు మెల్లగా. "ఆఖరి టైమౌట్ల పీడీ సార్ నిన్నడిగిండు. నువ్వు మూడన్నవ్. నేను ఉరికెటోన్ని, నువ్వు రాసెటోనివి. రాసెటోనికే ఎక్కువ తెలుస్తదనుకున్న. నా లెక్క నేనే కొట్టేసుకున్న."

మొగిలి ఆ ఒక్క గీత మీద వేలు పెట్టాడు.

"ఆ రెఫరీని నేనేమన్ననో ఎరికేనా? పైసలు తిన్నవన్న. మా నాయినంత మనిషి. తిరిగి ఒక్క మాట అనలే. రెండు వేళ్ళు సూపెట్టి, బాల్ తీస్కపోయి లైన్ మీద నిలబడ్డడు. ఓడిపోయింది పోనీ. ఇన్ని నెలలు ఆయననే తిట్టుకుంట పండుకున్న."

పైనుంచి మేస్త్రీ కేక వేశాడు. మిక్సర్ మళ్ళీ మొదలైంది. మొగిలి కాగితాలు మడిచి నాకే ఇచ్చాడు.

"జెర్సీ మీకియ్య. ఆదివారం నేనే వస్త, నా చేతుల్తోనే ఇస్త. కాని నాకంటె ముందు నువ్వు వలయంల నిలబడాలె. గీ రెండు కాయితాలు సదువు. కొత్తోల్ల ముంగట, పాతోల్ల ముంగట. ఆ రెఫరీ సారు అడ్రసు పీడీ సార్ దగ్గర ఉంటది, అది గూడ తీస్కరా. ఇద్దరం పోదాం."

"చదువుతాను," అన్నాను.

మొగిలి నా భుజం మీద చేయి వేయలేదు. హెల్మెట్టు పెట్టుకుని నిచ్చెనెక్కాడు.

మూడు నలభైకి ఆటో, ఈసారి నేరుగా లింగంపల్లికి. నాలుగుంబావుకు బస్సు. ఐదు నలభైకి సికింద్రాబాదు. ఏడు గంటల చార్మినార్ ఎక్స్‌ప్రెస్ జనరల్ పెట్టెలో తలుపు దగ్గర నేల మీద చోటు దొరికింది. సమ్మయ్య సైటు వదిలినప్పటి నుంచి నాతో మాట్లాడలేదు. ప్రసాద్ ఇద్దరి మధ్యా కూర్చుని పల్లీలు ఒకసారి అటు, ఒకసారి ఇటు అందిస్తున్నాడు. భువనగిరి వచ్చింది, ఆలేరు వచ్చింది.

జనగామలో రైలు ఆగినప్పుడు సమ్మయ్య అన్నాడు: "ఆ పాట కట్టింది నేనే."

నాకు తెలుసు. కాలేజీ అంతటికీ తెలుసు.

"నువ్వు సదివినంక పక్కకు జరుగకు. నేను గూడ వచ్చి నిలబడ్త. నాకూ చెప్పేదుంది."

రైలు కదిలాక ప్రసాద్ ఉండబట్టలేక కరీంనగర్ మ్యాచ్ ఎత్తాడు. మొగిలి ఇద్దరి తలల మీదుగా ఒంటి చేత్తో బంతి అందుకుని, కింద పడుతూ పడుతూ వెనక్కి విసిరాడట. అందుకున్నవాడు నేరుగా బాస్కెట్ వేశాడట. ఆ మ్యాచ్‌లో నేను కోర్టుకు ఆరడుగుల దూరంలో ఉన్నాను. ఆ బాస్కెట్ ఏ నిమిషంలో పడిందో, అప్పటికి స్కోరెంతో చెప్పగలను. మొగిలి పడుతూ విసరడం నేను చూడలేదు. ఖమ్మంలో ఏం చేశాడని అడిగాను. సొంత కోర్టులో గెలిచినప్పుడు ఎట్లా ఆడాడని అడిగాను. ఓడిన ఆరు మ్యాచ్‌ల గురించీ అడిగాను. ప్రసాద్ వదిలేసినవి సమ్మయ్య అందుకుని చెప్పాడు. మంచి సీజను కాదు అది, ఎవరడిగినా అదే చెబుతాను. కాని ఘన్‌పూర్ దాటేసరికి, మళ్ళీ ఒక్కసారి ఆ తొమ్మిది మ్యాచ్‌లకూ వెళ్ళి, ఈసారి పుస్తకం లేకుండా కూర్చోవాలనిపించింది.

తొమ్మిది ఇరవైకి కాజీపేట. ప్లాట్‌ఫారం మీద నడుస్తూ కూడా సమ్మయ్య ఆపలేదు. ఆఖరి మ్యాచ్‌లో మొగిలి అరవయ్యో పాయింటు ఎలా వేశాడో చూపించడానికి రెండడుగులు పరిగెత్తి గాల్లోకి ఎగిరాడు. చెప్పు ఊడి పడింది. టీ అమ్మేవాడు కెటిల్ పక్కకు జరుపుకుని, "ఎవలన్నా ఆయన, గట్ల ఎగురుతడు?" అని అడిగాడు.

"మా మొగిలి," అన్నాడు సమ్మయ్య, చెప్పు వెతుక్కుంటూ. "ఆదివారం వస్తుండు. వచ్చి సూడు."