పటేలు ఫోన్లోంచి మెయిల్ తీసిన శనివారం

అది 2012. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. కోరుట్ల బస్టాండు దగ్గర నాకు చిన్న సెల్‌ఫోన్ రిపేరు దుకాణం ఉండేది. బంద్ పిలుపు వస్తే షట్టరు సగం దించి, వంగి లోపలికి వచ్చే గిరాకీని చూసుకోవడం మా అందరికీ అలవాటు. మా పాస్టరు గారు ఒకసారి అలాగే వంగి వస్తూ, "ఇరుకు ద్వారం గురించి మస్తు ప్రసంగాలు చేసిన దానియేలూ, గింత ఇరుకు ఉంటదనుకోలే" అని నడుం పట్టుకున్నారు.

అప్పుడప్పుడే మా వైపు టచ్ ఫోన్లు వస్తున్నాయి. కొన్ని గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చేవాళ్ల పెట్టెల్లో, కొన్ని సిరిసిల్ల, జగిత్యాల దుకాణాల్లోంచి. ఆ ఫోన్లతో ఒక చిక్కుండేది. మొదటిసారి ఆన్ చేయగానే ఈమెయిలు అడిగేవి. మా దగ్గర ఎవరికి ఉంది ఈమెయిలు? "మెయిల్ అడ్రస్ చెప్పండి" అంటే ఇంటి నంబరు, వాడ పేరు, పక్కన మసీదు గుర్తు చెప్పినవాళ్లున్నారు.

నేను చెప్పబోయే కేసు ఒక శుక్రవారం సాయంత్రం ప్రార్థన కూటం అయిపోయాక మొదలైంది. అందరూ వెళ్లిపోయినా ఇస్సాకు కదల్లేదు. ఇస్సాకు మా సంఘంలో డప్పు వాయించే మనిషి. పగలంతా హమాలీ పని చేస్తాడు. ఉద్యమ సభలకు కూడా అతని డప్పే. రోడ్డు మీద వంటా-వార్పు జరిగినా, ధర్నా జరిగినా ఇస్సాకు డప్పు మోగితేనే జనం కూడేవారు.

"అన్నా, ఆదివారం సభల మైకుల నా పేరు చెప్తరట" అన్నాడు.

"మంచిదే కద. సన్మానమా?"

"సన్మానం కాదన్నా. నన్ను కోవర్టు అంటున్నరు."

కోవర్టు అంటే ఆ రోజుల్లో పోలీసులకు లోపాయికారీగా కబుర్లు చేరవేసేవాడు. అంతకన్నా చెడ్డ మాట ఊళ్లో లేదు. విషయమేమిటంటే, ఉద్యమ కమిటీ ఎక్కడ రాస్తారోకో అనుకున్నా పోలీసులు ముందే అక్కడ ఉంటున్నారు. ఒకసారి వంటా-వార్పు చోటుకు ముందుగానే చేరి, "ఈడ గాలి ఎక్కువున్నది, పొయ్యి మండది, జర అటు పెట్టుకోండ్రి" అని సలహా కూడా ఇచ్చారట. ఎవరో చెబుతున్నారు, ఎవరు? ఇస్సాకు, హెడ్ కానిస్టేబుల్ యాదగిరి చిన్నప్పుడు ఒకే బడిలో చదివారు. ఇద్దరూ హోటల్లో చాయ్ తాగుతుండగా ఎవరో చూశారు. అంతే, తీర్పు అయిపోయింది.

"పదిమందిల పేరు పోతే ఈ ఊర్ల నాకు పనెవడు ఇస్తడన్నా? ఇప్పుడే సగం మంది మాట్లాడ్తలేరు. నువ్వు ఒక్క ప్రార్థన చెయ్యి. ఆదివారం వాన పడాలె, సభ ఆగిపోవాలె."

"వాన కోసం రైతులంత ఎప్పటిసంది అడుగుతున్నరు, ఇస్సాకూ. వాళ్ల తర్వాతనే మన వంతు" అన్నాను. నవ్వించాలని అన్నాను గానీ అతను నవ్వలేదు. ఇద్దరం మోకరించాం. వాన సంగతి దేవుని చిత్తానికి వదిలి, దాగి ఉన్నది బయటపడాలని మాత్రం అడిగాను.

మర్నాడు శనివారం బంద్. నా సగం షట్టరు కింద నుంచి నర్సింహారెడ్డి వచ్చాడు. ఉద్యమ కమిటీ కన్వీనరు ఆయనే. ఎరువుల దుకాణం ఉంది. పాత పటేండ్ల ఇంటివాడు కాబట్టి అందరం పటేలా అనే పిలుస్తాం. మనిషి మంచివాడు, కాకపోతే తొందర ఎక్కువ.

"దానేలు, మీ చర్చిల దయ్యాలు ఎల్లగొడ్తరట గద. నా ఫోన్ల ఒకటి సొచ్చింది. ఎల్లగొట్టు."

"దయ్యాలు పాస్టరు గారు చూస్తరు పటేలా. నేను స్పీకరు, డిస్‌ప్లే, చార్జింగు చూస్త."

"మరి గిదేందో చూడు. నాకున్నది ఇద్దరు బామ్మర్దులు. ఫోన్ల తొమ్మిది మందున్నరు! ఒకనికి చేసి పండుగకు రమ్మన్న. వస్త బావా అన్నడు. తీరా వచ్చినోన్ని చూస్తే, వాడెవడో నాకు తెల్వదు, నేనెవన్నో వానికి తెల్వదు. అన్నం పెట్టి పంపిన."

ఫోన్ తీసుకుని చూశాను. పేర్ల పట్టీ నిండా "వెంకటి సాంచాలు", "నూలు సేటు", "అద్దకం రాజన్న". సాంచాలంటే మరమగ్గాలు. కోరుట్ల ఎరువుల దుకాణదారుకు సిరిసిల్ల సాంచాలతో పనేమిటి?

"ఇంకోటి. మా ఆడామె గిండ్ల సామాన్లు రాస్తున్నది. నోటితోని చెప్పదు. పోయిన ఆదివారం తలకాయ తేవాలె అని మోగింది. మేక తలకాయ తెచ్చిన. ఆ రోజు ఆమెకు ఉపాసం. ఇంట్లకు రానియ్యలే."

"పటేలమ్మ ఫోన్ల రాస్తుంటే మీరు చూసిండ్రా?"

"చూసుడెందుకు? తలకాయ గురించి ఇంకెవలు రాస్తరు?"

క్యాలెండరు తెరిచాను. తేదీ పక్కన పని రాసుకుంటే ఆ వేళకు గంట కొట్టి గుర్తుచేసే ఏర్పాటది. అందులో తలకాయ పక్కన బీపీ గోలీలు, వాటి పక్కన ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు మాటలు: తెల్లారి ఆరింటికి రాస్తారోకో, ఫలానా చౌరస్తా. కమిటీ రహస్యాలన్నీ అందులోనే ఉన్నాయి.

"ఇవి ఫోన్ల ఎందుకు రాసిండ్రు పటేలా?"

"కాగితం మీద రాస్తే పోలీసోల్లు గుంజుకుంటరు. ఇది నా జేబుల ఉంటది. దేవుడు దిగొచ్చినా తెల్వదు."

దేవునికి తెలియనిది ఏదీ లేదని చెప్పాలనిపించింది. కానీ ముందు సెట్టింగ్స్ తెరిచాను. ఉన్నది ఒకే ఈమెయిలు, సిరిసిల్లలో ఫోన్ అమ్మిన దుకాణం పేరు మీద. అప్పుడు అర్థమైంది. గిరాకీ ఎవరికీ మెయిల్ లేదు కాబట్టి ఆ దుకాణదారు తన మెయిల్‌నే అమ్మిన ప్రతి ఫోన్లోనూ పెట్టేస్తున్నాడు. మెయిల్ ఒకటే అయితే ఆ ఫోన్లన్నీ సింక్ అవుతాయి, అంటే ఒక దాంట్లో రాసింది మిగతావాటిలోకి దానంతటదే పోతుంది. ఒకే ట్యాంకు నుంచి పది ఇళ్లకు నల్లాలు ఇచ్చినట్టన్నమాట. ఒక ఇంటాయన ట్యాంకులో రంగు కలిపితే పది ఇళ్లలోనూ రంగు నీళ్లే.

ఈ సంగతి చెబుతుండగానే ఆయన ఫోన్ లాక్కుని, తెలియని బామ్మర్దులను ఒక్కొక్కరినీ చెరిపేయబోయాడు. చేయి పట్టుకున్నాను.

"ఆగుండ్రి పటేలా! మీరు ఈడ చెరిపితే ఆడ సిరిసిల్లల వాళ్ల ఫోన్లకెల్లి కూడ పోతరు."

"బామ్మర్దులు పోతే ఎవడన్న ఏడుస్తడా?"

పేర్లు అలా కలిసిపోతాయని నాకు తెలుసు. క్యాలెండరు కూడా అలాగే మిగతా ఫోన్లకు పోతోందో లేదో పరీక్షించాలనుకున్నాను. పదకొండున్నరకు మోగేలా "దేవునికి స్తోత్రం" అని రాశాను. అలాంటప్పుడు నా చేతికి వచ్చే మాట అదే. సిరిసిల్ల దుకాణానికి ఫోన్ చేసి మీ దాంట్లో మోగిందా అని అడగాలని నా ఆలోచన.

ఆ అవసరం రాలేదు. పదకొండున్నరకు పటేలు ఫోన్ మోగింది. కాసేపటికి షట్టరు కింద ముందు పోలీసు బూట్లు, తర్వాత లాఠీ, ఆ తర్వాత హెడ్ కానిస్టేబుల్ యాదగిరి తల కనిపించాయి. చౌరస్తాలో బందోబస్తుకు నిలబడ్డవాడు నేరుగా నా దగ్గరకే వచ్చాడు. పటేలు డిస్‌ప్లే అద్దాల బీరువా వెనక్కి జరిగాడు.

"దానేలు, ఒక మాట చెప్పు" అన్నాడు యాదగిరి, గొంతు తగ్గించి. "పై ఆఫీసుకెల్లి నాకు దేవునికి స్తోత్రం అని ఆర్డరచ్చింది. గిదేం కోడు? మీ చర్చోల్లు ఎవలన్న పెద్దాఫీసరు అయిన్రా?"

నాకు నవ్వు ఆగలేదు. "పై ఆఫీసు నీకు ఫోన్ల ఆర్డర్లిస్తదా యాదన్నా?"

"ఇయ్యదా? గీ ఫోన్ కొన్నకాంచి వస్తున్నయి. ఎక్కడ రాస్తారోకో, ఏ టైముకు, అంత. డిపార్టుమెంటోల్లు కొత్త సౌలత్ పెట్టిండ్రు అనుకున్న. మా సారు మిగతోల్లకు నన్ను చూపెట్టి, యాదగిరిని చూసి నేర్చుకోండ్రి అంటున్నడు."

"ఫోన్ ఎక్కడ కొన్నవు?"

"సిరిసిల్లల. మా అత్తగారు ఎల్లారెడ్డిపేట గద, ఆమె బీపీ గోలీలకు పోయినప్పుడు కొన్న."

బీరువా వెనక నుంచి పటేలు లేచాడు. "తలకాయ రాసింది నువ్వేనారా?"

యాదగిరి ఉలిక్కిపడి, ఆయన చేతిలో అచ్చంగా తన ఫోన్ లాంటి ఫోనే చూసి, మెల్లగా సంగతి గ్రహించాడు. "అంటే... నాకు ఇన్ని దినాలు వార్తలిచ్చింది మీరా పటేలా? ఎంత సాయం చేసిండ్రు! నేను డిపార్టుమెంటోల్లు అనుకుని ఊకున్న."

పటేలు స్టూలు మీద కూలబడ్డాడు. నా వైపు చూసి, "దానేలు, చప్పుడు చెయ్యక తీసెయ్. ఇప్పుడే" అన్నాడు.

తీసేయడం ఆ ఫోన్లలో అంత తేలిక కాదు. మొదట పెట్టిన మెయిల్‌ను విడిగా తీయనివ్వవు. ఫ్యాక్టరీ రీసెట్ చేయాలంటాయి. అంటే కంపెనీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా చేయడం. లోపల ఉన్నదంతా పోతుంది. అందుకని ముందు కావలసిన పేర్లను మెమరీ కార్డు మీదకు ఎక్కించాలి. దాన్ని బ్యాకప్ అంటాం. ఆ కార్డును ఇంకో ఫోన్లో వేసి, పేర్లు నిజంగా ఎక్కాయో లేదో కళ్లతో చూడాలి. ఆ తర్వాతే రీసెట్. రీసెట్ ఒక్కటి తప్ప అవన్నీ చేశాను. ట్యాంకులోంచే పోవాల్సిన రాస్తారోకో రాతలను మాత్రం ఆఖరుకు ఉంచాను. చివరి బటన్ మీద వేలు పెట్టాను. నొక్కలేదు.

"ఏమాయె?" అన్నాడు పటేలు.

"నొక్కుత పటేలా. కావలసినవన్నీ దాచినమా అని చూస్తున్న. ఇస్సాకు ఒక్కడు మిగిలిండు."

ఆయన స్టూలు మీద అటు తిరిగాడు.

"ఇది నొక్కితే ఫోన్ కడిగిన పలక లెక్కయితది. రేపు సభల మీరు ఇస్సాకు పేరు చెప్తే, కాదనెటందుకు ఏ ఆధారం ఉండది."

"మరి నా పేరు చెప్పాల్నా? కన్వీనరే కోవర్టు అని? జనం నన్ను చూసి నవ్వరా?"

"నవ్వుతరు" అన్నాడు యాదగిరి, సాయం చేస్తున్నట్టు. "నేనైతే మస్తు నవ్వుత."

పటేలు నా గోడ మీది బైబిలు వాక్యం క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. ఆ నెల వాక్యం సత్యం గురించి అయి ఉంటే కథకు బాగుండేది. అది సంతాన ప్రాప్తి గురించి. చివరికి ఆయన బల్ల మీది నా ఫోన్ తీసి ఇస్సాకు నంబరు నొక్కాడు. స్పీకరు పోయిన ఫోన్లు చూసి చూసి నాకు అలవాటు, అవతలి మాట స్పష్టంగా వినిపించింది.

"ఇస్సాకూ, రేపు సభకు డప్పు పట్టుకరా."

"నన్ను తిట్టేటప్పుడు కొట్టనీకా పటేలా?"

పటేలు కళ్లు మూసుకున్నాడు. "కాదురా. నన్ను నేను తిట్టుకునేటప్పుడు కొట్టనీకి."

అప్పుడు ఆ రాతలు చెరిపి, బటన్ నొక్కాను.

తర్వాత యాదగిరి ఫోన్ కూడా అదే పద్ధతిలో శుభ్రం చేశాను. ఇద్దరికీ ఎవరి మెయిల్ వాళ్లకు పెట్టి, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దన్నాను. పోతూ పోతూ యాదగిరి, "ఇంక నాకు వార్తలెట్ల అస్తయి దానేలు?" అని దిగులుగా అడిగాడు. సాయంత్రం సిరిసిల్ల దుకాణదారుకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. "ఒక్కొక్కలకు ఒక్కొక్క మెయిల్ పెడితే అన్ని పాస్‌వర్డులు నేనెట్ల యాదుంచుకోవాలన్నా?" అని ఆయన నన్నే అడిగాడు.

ఆదివారం వాన పడలేదు. సభలో పటేలు మైకు పట్టుకుని, "కోవర్టు దొరికిండు" అన్నాడు. జనం అంతా ఇస్సాకు వైపు తిరిగారు. పటేలు జేబులోంచి ఫోన్ తీసి పైకెత్తాడు. "గిదే. దీన్ని మోసుకుంట తిరిగింది నేను. ఇస్సాకుది ఇసుమంత తప్పు లేదు." యాదగిరి పేరు మాత్రం చెప్పలేదు. జనం నిజంగానే నవ్వారు, చాలాసేపు నవ్వారు. ఆ నవ్వులో ఆయన కూడా కలిసిపోయాడు. ఇస్సాకు డప్పు మీద ఒక్క దెబ్బ వేసి ఆపాడు. భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు.

ఆ తర్వాత రాస్తారోకోకు పోలీసులు ఆలస్యంగా వచ్చారు. విచిత్రంగా జనమూ పలచబడ్డారు. అంతకుముందు సిరిసిల్ల నుంచి సాంచాల కార్మికులు బస్సెక్కి మరీ వచ్చేవారు, అది తన నాయకత్వమే అనుకునేవాడు పటేలు. పాపం వాళ్ల ఫోన్లు మోగితే పిలుపు అనుకుని వచ్చేవారట.

నా వృత్తిలో తీసేయమని వచ్చేవాళ్లే ఎక్కువ. పాత మెయిల్ తీసెయ్, లాక్ తీసెయ్, ఉన్నదంతా తీసెయ్. ఆ శనివారం తర్వాత నేను ఎవరినైనా మొదట ఒకటే అడుగుతాను: ఇందులో ఏది పోకూడదు? గోధుమ చేనులో గురుగులనే కలుపు పీకితే గోధుమ కూడా ఊడివస్తుందని యజమాని పనివాళ్లను ఆపిన బైబిలు కథ ఆదివారం బడిలో పిల్లలకు ఎన్నో ఏళ్లు చెప్పాను. ఆ సంగతి నాకు మాత్రం పటేలు ఫోన్ చేతిలో పట్టుకున్నప్పుడే తెలిసివచ్చింది. కార్డు మీద దాచిన పేర్లు నిమిషంలో ఆయన ఫోన్లోకి తిరిగి వచ్చాయి. ఇస్సాకుతో మాట మానేసిన ఇళ్లు ఒక్కొక్కటిగా తిరిగి రావడానికి మాత్రం బతుకమ్మ పండుగ దాకా పట్టింది. ఒకటి రెండు ఇళ్లు ఇప్పటికీ రాలేదు.