రెండో డిస్కు మీది బొట్టు

మా ఫ్యాక్టరీలో మధ్యాహ్నం రెండింటికి, మొదటి షిఫ్టు దిగేటప్పుడు, మైకుల్లోంచి ఒక గొంతు వచ్చేది. "అన్నలారా, షిఫ్టు అయిపోయింది. హెల్మెట్లు జాగల వెట్టుండ్రి. జెర నిమ్మలంగ పోండ్రి, రోడ్డు మీద లారీలుంటయి."

ఆ మాటలు చెప్పిన ఫిట్టరన్న కామెర్లతో పోయి అప్పటికి రెండేళ్లు. నేను పనిచేసే కంప్యూటర్ గదిలో మైకు పెట్టి రికార్డు చేసి, సర్వర్‌లో దాచింది నేనే. ఆయన భార్య మా క్యాంటీన్‌లో పనిచేస్తుంది; ఆమెను అక్కా అంటాను. చిట్కుల్ నుంచి ఆటోలో వస్తుంది. రెండు కాగానే గిన్నెలు తోమే చేయి ఆపేది. లారీల మాట అయ్యాక మళ్లీ మొదలుపెట్టేది. ఆ కాసేపు ఆమెను ఎవరూ పిలిచేవారు కారు.

నేను కాలేజీ మెట్లెక్కలేదు. సంగారెడ్డి గ్రంథాలయంలో పాత కంప్యూటర్ పుస్తకాలు ఒక్కొక్కటే చదివి ఈ పని నేర్చుకున్నాను. అడిగినవారికీ అడగనివారికీ ఆ సంగతి చెప్పేవాణ్ణి. ఫిట్టరన్న నన్ను పేరుతో పిలిచేవాడే కాదు. "ఏం లైబ్రరీ, ఇయ్యాల ఏం సదివినవ్?" అనేవాడు.

సర్వర్ మొదలవగానే మొదట చదివే డిస్కు నిండిపోయింది. అందులో ఉన్నదంతా ఉన్నట్టుగా పెద్ద డిస్కులోకి ఎక్కించాలి. ఉత్పత్తి రికార్డులకు వేరే చోట నకలు ఉంది. గొంతుకు లేదు. తీసిపెట్టాలని చాలాసార్లు అనుకుని ఊరుకున్నాను. ఫోన్లు గేటు దగ్గరే వదిలి వస్తాం కనుక ఎవరి దగ్గరా ఆ రికార్డింగు లేదు.

ఆదివారం మిషన్లు ఆగి ఉన్నాయి, క్యాంటీన్ మాత్రం తెరిచి ఉంది. పాత డిస్కు తీసి బల్ల మీద పెట్టాను. దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు దానికి బొట్టు పెట్టాం. సర్వర్ మూత తీసినప్పుడల్లా బొట్టున్నదే మన డిస్కు అని నాకు అలవాటు. కొత్తది పక్కన పెట్టేసరికి అక్క చాయ్ తెచ్చింది.

"ఆయన గొంతు గీ కొత్త దాంట్లకేనా పొయ్యేది?"

అవునన్నాను. వెళ్లి క్యాంటీన్‌లో దేవుడి పటం దగ్గరున్న కుంకుమ భరిణ తెచ్చింది.

"నువ్వు వెట్టు తమ్మీ. నా చెయ్యి వద్దు."

నాలో చదువరి లేచాడు. అవన్నీ మనుషులు పెట్టుకున్న ఆంక్షలేనని, ఇలాంటివి నేనెన్నో చదివానని పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఆమె భరిణను నా వైపే జరిపింది. చివరికి తనే కొత్త డిస్కుకు బొట్టు పెట్టింది.

అంతలో గేటు నుంచి పిలుపు వస్తే, చేతిలోకి తీసుకున్న పాత డిస్కును ఎలాగో పెట్టేసి వెళ్లాను. తిరిగొచ్చేసరికి పాత డిస్కు బోర్లా ఉంది. కొత్త దాని మీద కుంకుమ ఎర్రగా కనబడింది. చేయి అలవాటుగా దాన్నే తీసి, నకలు యంత్రంలో పాతది పెట్టాల్సిన అరలో పెట్టింది. రెండోది కొత్తది పెట్టాల్సిన అరలోకి పోయింది. లేబుల్ మీది నంబరు రెండుసార్లు చదవమని పుస్తకంలో ఉంది. ఆ పేజీ నాకు కంఠతా వచ్చు. మీట నొక్కాను. పెద్దదాన్ని చిన్నదాంట్లోకి ఎక్కించబోతే ఆగిపోయే యంత్రాలు ఉంటాయట. మాది పాతది. పాత డిస్కు నిండేదాకా ఖాళీని రాసింది.

సోమవారానికి సర్వర్‌ను మళ్లీ మొదటి నుంచి నిలబెట్టాను. రికార్డులన్నీ వచ్చాయి. మేనేజరు నన్ను ఒక్క మాట అనలేదు, షిఫ్టుకు సైరన్ పెట్టమన్నాడు. నాలుగు రోజులు ఆ పాత డిస్కు మీద తెలిసిన పాట్లన్నీ పడ్డాను. తుడిచింది వేరు, మీద రాసింది వేరు. రాసిన దాని కింద ఏమీ మిగలదు.

అయిదో రోజు క్యాంటీన్‌కు వెళ్లి చెప్పాను. నంబరు చూసుకోలేదని, తప్పు నాదేనని అన్నాను. బొట్టు చూసి పొరబడ్డానని మాత్రం చెప్పలేదు. ఆమె చేతులు నీళ్ల తొట్లోనే ఉన్నాయి.

"చెప్పిన గద తమ్మీ, నా చెయ్యి వద్దని."

కాదక్కా అన్నాను. ఆమె తొట్లోంచి ఇంకో గిన్నె అందుకుంది.

తర్వాతి దసరాకు కుంకుమ పళ్లెం నేనే ఆమె దగ్గరికి తీసుకెళ్లాను. తడి చేతులు కొంగుతో తుడుచుకుని, రెండూ వెనక్కి పెట్టుకుంది. రెండింటికి సైరన్ మోగింది. ఆమె అప్పటికే గిన్నెల వైపు తిరిగిపోయింది.