రెండోసారి కడిగిన కాళ్లు

మొన్న ఆదివారం మా అమ్మాయి పెళ్లికి ఫొటోగ్రాఫర్‌ని కుదుర్చుకుందామని తనూ నేనూ ఢిల్లీకి ఇవతలున్న వైశాలి నుంచి అవతలున్న గురుగ్రామ్ దాకా వెళ్లాము. వెళ్లేముందే అది పదిమంది పనితనం ఫోన్‌లో చూసి, ఒకడివి రంగులు మరీ ఎక్కువని, ఒకడివి నవ్వులు మరీ తక్కువని తీసిపారేసి, చివరికి ఇతన్ని తేల్చింది. కూరగాయలు ఏరడం రాని పిల్ల ఫొటోగ్రాఫర్ని మాత్రం ఇంత నైపుణ్యంతో ఏరడం చూసి నాకు ముచ్చటేసింది. అద్దాల గది, కాఫీ, గోడంత తెర, జుట్టు ముడి వేసుకున్న మర్యాదస్తుడైన కుర్రాడు. ఎలాంటి ఫొటోలు కావాలని అతను అడిగాడో లేదో, మా అమ్మాయి తన ఫోన్‌లోంచి నా పెళ్లి ఫొటో తీసి ఆ గోడంత తెరమీద వేయించింది.

"భయ్యా, మమ్మీ కా యే ఫొటో దేఖియే. బస్, ముఝే ఐసా హీ చాహియే. నో పోజింగ్!" అంటూ, తనకీ అచ్చం అలాంటివే కావాలంది.

"ఆంటీజీ, క్యా ఎక్స్‌ప్రెషన్ హై! ఆ రోజుల్లోనే ఇంత క్యాండిడ్‌గా ఎవరు తీశారు?" అన్న అర్థం వచ్చేలా ఆ కుర్రాడు హిందీలో ఆశ్చర్యపోయాడు.

నుదుట బాసికంతో పీటల మీద కూర్చుని, తల వంచి, పెదవులు బిగించి, రెప్పలు దించుకున్న పెళ్లికూతురు. ఇన్నేళ్లుగా మా అత్తవారి తరఫువాళ్లు, కాలనీవాళ్లు, చివరికి మా స్కూల్లో నాతో పనిచేసిన టీచర్లు కూడా మెచ్చుకున్న ఫొటో అది. నాకు మాత్రం ఆ గదిలో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాఫీ వేడిగా ఉందని చెప్పి మొహం పక్కకి తిప్పుకున్నాను.

మా నాన్న కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తాగా చేరి గోదావరి జిల్లా నుంచి ఢిల్లీ వచ్చారు. మేము రామకృష్ణాపురం క్వార్టర్లలో పెరిగాము. మన తరంవాళ్లకి నేను చెప్పనక్కరలేదు, అప్పట్లో ఢిల్లీలో తెలుగువాళ్ల ఇంట ఏ శుభకార్యమైనా ఫొటోలు తీయడానికి మనవాడే ఒకాయన ఉండేవాడు. అందర్నీ వరసగా నిలబెట్టి, ఊపిరి బిగపట్టించి తీసేవాడు కాబట్టి ఎవరింట్లో ఆల్బమ్ తెరిచినా అదే పెళ్లి అనిపించేది. నా పెళ్లికి ఆయన వద్దన్నారు నాన్న. పెళ్లికొడుకు ఉద్యోగం ఢిల్లీలోనే అయినా అతని తండ్రి రాజమండ్రిలో పేరున్న మనిషి. పెళ్లి ఢిల్లీలో చేయడానికే పెద్ద ఉపకారం చేస్తున్నట్టు ఒప్పుకున్నారు. అక్కడినుంచి రైలెక్కి వచ్చేవాళ్లు ఏ ఒక్కదానికీ వంక పెట్టకూడదన్నది నాన్న పంతం. అందుకని తన ఆఫీసరుగారి అమ్మాయి పెళ్లి ఆల్బమ్ ఒకరోజుకి అరువడిగి, తువ్వాల్లో చుట్టుకుని బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకొచ్చారు.

ఆ ఆల్బమ్ మేము ఎంత భక్తిగా చూశామని! ప్రతి పుటకీ నడుమ పలచటి కాగితం, దాన్ని తిప్పడానికి అమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. దండలు మార్చుకుంటూ నవ్వే పిల్ల, అప్పగింతలప్పుడు కారు కిటికీలోంచి ఏడ్చే పిల్ల, అన్నీ సినిమాలో లాగే ఉన్నాయి. మనవాడైతే ఏది ఎప్పుడో విడమరిచి చెప్పక్కరలేదు కదా అని అమ్మ మెల్లగా అంది గాని, ఆ మాట ఎవరం పట్టించుకోలేదు. తరవాత ఆ ఫొటోలు తీసిన పంజాబీ ఫొటోగ్రాఫర్ మా ఇంటికే వచ్చి, టీ తాగి, నాన్నని బాబూజీ అని పిలిచి, ఏ ఊరి శాదీ అయినా శాదీయే కదా, మీరు నిశ్చింతగా ఉండండి అని భరోసా ఇచ్చి వెళ్లాడు. మనకి తెలిసింది లోకమంతటికీ తెలుసుననుకోవడం ఢిల్లీ తెలుగువాళ్లందరికీ ఉన్న జబ్బు, మా నాన్నకి కాస్త ఎక్కువగా ఉండేది.

ముహూర్తం పొద్దున్న. నన్ను బుట్టలో కూర్చోబెట్టి మేనమామలు మోసుకొస్తుంటే ఆ ఫొటోగ్రాఫర్ ఎగిరి గంతేసినంత సంబరపడి రకరకాలుగా తీశాడు. నన్ను తెర వెనక కూర్చోబెట్టాక నాన్న దగ్గరకొచ్చి ఫేరే ఎప్పుడని అడిగాడు. మన సప్తపది గురించే అడుగుతున్నాడని నాన్నకి తెలుసు, అది హోమం దగ్గర కదా అని ఇంకా గంట పడుతుందని ఉన్నమాటే చెప్పారు. వాళ్లకి అగ్ని చుట్టూ తిరగడమే పెళ్లి, అంతకుముందు పంతులుగారు చదివేదంతా ఉపోద్ఘాతం. అందుకని ఆ మహానుభావుడు కెమెరా మెడలో వేసుకుని నిశ్చింతగా ఫలహారాల షామియానాలోకి వెళ్లి కూర్చున్నాడు. ఇక్కడ కాళ్లు కడగడం, కన్యాదానం, జీలకర్రబెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, అన్నీ ఒకదాని వెనక ఒకటి జరిగిపోయాయి. అంత జనంలో ఆయన ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాడని అందరమూ అనుకున్నాము.

చేతులు తుడుచుకుంటూ ఆయన తిరిగి వచ్చేసరికి మా తలల మీంచి బియ్యం జారుతున్నాయి. సంగతి తెలిసి ఆయనే ముందు బేజారైపోయాడు. మా మామగారు మాత్రం కండువా భుజాన సర్దుకుని అందరూ వినేట్టే అన్నారు.

"ఇదేం పెళ్లండీ బావగారూ! ముహూర్తం ఫొటో ఒక్కటి లేకపోతే మా ఊళ్లో నలుగురికీ ఏం చూపించమంటారు? మళ్లీ కానివ్వండి, కాళ్లు కడగడం కాణ్ణించీ."

పంతులుగారు ససేమిరా అన్నారు. "ముహూర్తం ఒక్కసారేనండీ. ఫొటోల కోసం నేను మంత్రం చదవను" అని పీట మీంచి లేచి వెళ్లిపోయారు. నాన్న ఆయన్ని బతిమాలలేదు, మామగారికి ఎదురు చెప్పలేదు. పంచె ఎగదోపుకుని మళ్లీ పళ్లెం ముందు కూర్చున్నారు.

మంత్రం ఉన్నంతసేపూ అవి విష్ణుమూర్తి పాదాలు. మంత్రం లేకపోయేసరికి ఒక కుర్రాడి కాళ్లు, వాటి ముందు వంగిన మా నాన్న. మా ఆయన కాళ్లు వెనక్కి లాక్కోబోయారు, "కూర్చోరా" అని వాళ్ల నాన్న గదమాయించేసరికి ఉండిపోయారు. అమ్మ చెంబుతో నీళ్లు పోస్తోంది, సగం నీళ్లు నేల మీదే పడ్డాయి. ఫలహారాలు చేసి వచ్చినవాళ్లు తమాషా చూస్తూ నిలబడ్డారు, ఎవరో నవ్వారు కూడా. తన తప్పు దిద్దుకోవాలన్న ఆత్రంలో ఆ ఫొటోగ్రాఫర్, "బాబూజీ, థోడా ఔర్ ఝుకియే" అన్నాడు. నాన్న ఇంకాస్త వంగారు. ఫ్లాష్ వెలగలేదన్నాడు. మళ్లీ నీళ్లు పోశారు, మళ్లీ కడిగారు. చివరికి, కొంచెం నవ్వండి బాబూజీ అన్నాడు. నాన్న నవ్వారు. అది చూడలేక నేను తల వంచుకున్నాను. సరిగ్గా అప్పుడే ఆయన కెమెరా నావైపు తిప్పాడు.

ఆల్బమ్ వచ్చాక మా మామగారు రాజమండ్రి అంతా తిప్పి చూపించి మురిసిపోయారు. నాన్న మాత్రం నాలుగు పుటలు తిరగేసి, బాగా తీశాడని చెప్పి మూసేశారు. ఆ రోజు గురించి ఆయన మాతో ఎన్నడూ ఒక్క ముక్క మాట్లాడలేదు. కానీ ఆ తరవాత కాలనీలో ఏ తెలుగు పెళ్లికి వెళ్లినా నేరుగా వెళ్లి ఫొటోగ్రాఫర్ పక్కన నిలబడేవారు. ఇప్పుడు తెర తీస్తారు, ఇప్పుడు సూత్రం కడతారు, కదలకు భయ్యా, అని చివరిదాకా చెబుతూ, చాలాసార్లు భోజనం కూడా మానుకునేవారు. జనం ఆయన్ని ఫొటోగ్రాఫర్‌గారి మేనేజరని ఏడిపించేవారు. ఆ మాట చెవినపడ్డప్పుడల్లా నాకు చచ్చేంత సిగ్గేసేది, ఆయనెందుకలా నిలబడుతున్నారో తెలిసి కూడా. ఏ ఆడపిల్ల తండ్రీ రెండోసారి వంగకూడదని ఆయన తాపత్రయం.

గురుగ్రామ్ కుర్రాడికి అలా పక్కన నిలబడి చెప్పేవాళ్ల అవసరం లేదు. మన పెళ్లిలో ఏది ముందో ఏది వెనకో గడగడా అప్పజెప్పాడు, పంతులుగారి నంబరు కూడా అడిగి తీసుకున్నాడు. ఒకవేళ ఏదైనా తప్పిపోతే, "నో టెన్షన్ ఆంటీజీ, రీక్రియేట్ కర్ లేంగే," మళ్లీ చేయించి తీసేస్తాం అన్నాడు. అప్పుడు నేను, కాళ్లు కడిగేది రాకపోతే రాకపోనీ భయ్యా, "దుబారా మత్ కర్‌వానా," రెండోసారి మాత్రం చేయించకు అన్నాను.

"క్యూఁ మమ్మీ?" అంది మా అమ్మాయి.

డాడీకి మోకాళ్ల నొప్పులు కదే, అన్నాను. మా ఆయన మోకాళ్లకి ఏ జబ్బూ లేదు, రోజూ పార్కులో నాలుగు చుట్లు నడుస్తారు. పిల్ల వెంటనే సరేనంది, ఆ కుర్రాడు ఫోన్‌లో రాసుకున్నాడు, అక్కడికక్కడే కుదుర్చుకుని వచ్చేశాము.

ఈ పిల్లలకి మళ్లీ చేయడం ఒక ఆట. పెళ్లికి ముందే పెళ్లిబట్టలు కట్టుకుని తోటల్లో ఫొటోలు దిగుతారు, నచ్చకపోతే నవ్వుకుంటూ ఇంకోసారి దిగుతారు, ఎవరిముందూ ఎవరి తలా వంగదు. తప్పని నేననను, వాళ్ల అదృష్టం. మా రోజుల్లో పోయిన క్షణం పోయిందని ఊరుకుని ఉంటే ఎంత బాగుండేదో అన్నదే నా బాధ. ఆ పొద్దున్న మొదటిసారి, మంత్రాల మధ్య, నా చెయ్యి మా ఆయన చేతిలో పెడుతున్నప్పుడు మా నాన్న నావంక చూశారు. చూశారని తెలుసు. ఆ చూపు ఎలా ఉందో ఎంత గుర్తుచేసుకుందామన్నా రాదు, ఫొటో కోసం నవ్విన ఆ నవ్వే వచ్చి అడ్డం నిలబడుతుంది.