తొమ్మిది వందల సెకన్లు

ఏడేళ్లుగా ఒక అంకెను మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. చర్చిలో ప్రతి ఆదివారం అందరం కలిసి తప్పులు ఒప్పుకునే ప్రార్థన ఒకటి ఉంటుంది. అందులోనూ చెప్పలేదు. వందమంది ఒకే గొంతుతో ఒప్పుకుంటున్నప్పుడు ఎవరి తప్పు ఏదో దేవుడికి తెలుస్తుందేమో గానీ పక్కనున్న మనిషికి తెలియదు. నాకు కావలసింది అదే. ఆ అంకె తొమ్మిది వందలు. మీకు చెబుతున్నాను, మీరు నన్ను ఎరగరు కాబట్టి.

నేను లెక్కలవాణ్ని. పెద్ద చదువేమీ లేదు, పదో తరగతి. మా నేత సంఘంలో నూలు స్టోరు గుమాస్తాగా చేరి, వచ్చిన బేళ్లు, పోయిన కండెలు రాసుకుంటూ లెక్క నేర్చుకున్నాను. కంప్యూటర్ కూడా అలాగే, చెడగొట్టి, మళ్లీ బాగుచేసి నేర్చుకున్నాను. సంఘంలో అందరూ నన్ను లెక్కల సారు అంటారు. ఆ పేరు నాకు ఇష్టం. ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఇష్టం. ఈ జరిగినదంతా అక్కడే మొదలైంది.

మా ఊరు కరీంనగర్ నుంచి బస్సులో గంటన్నర. ఊరంతా మరమగ్గాలే. మా దగ్గర వాటిని సాంచాలు అంటారు. చీరల అంచులు గీయడానికి సంఘం ఒక డిజైన్ గది పెట్టింది, పదకొండు కంప్యూటర్లతో. గీసే సాఫ్ట్‌వేర్‌ను పదకొండింటిలోనూ ఎక్కించవచ్చు. కానీ ఒకేసారి ఎంతమంది తెరవవచ్చన్నది కొన్న లైసెన్సులను బట్టి ఉంటుంది. ఆ లైసెన్సులన్నీ సంఘం సొంత సర్వర్‌లో ఉంటాయి. ఒకరు తెరిస్తే సర్వర్ వాళ్లకు ఒకటి ఇస్తుంది. మూసేస్తే వెనక్కి తీసుకుని ఇంకొకరికి ఇస్తుంది. మేము దాన్ని సీటు అనేవాళ్లం. సీటు దొరికిందా, సీటు ఇడువు, అని.

ఎన్ని కొనాలని పాలకవర్గం నన్నే అడిగింది. అప్పటికి అందరూ గ్రాఫు కాగితం మీదే గీస్తున్నారు. నేను పది రోజులు గదిలో కూర్చున్నాను. ఎవరు ఎంతసేపు గీస్తారు, ఎంతసేపు నమూనా చూడ్డానికి సాంచా దగ్గరికి పోతారు, ఛాయ్‌కి ఎంతసేపు, అన్నీ రాశాను. అయిదు చాలు అన్నాను. ఎనిమిది తీసుకుందామన్నవాళ్లు ఉన్నారు. ఆరోది కొన్నా దండుగే అని కాగితం చూపించాను. ఒప్పుకున్నారు.

సర్వర్‌ను నూలు స్టోరులో ఒక మూల పెట్టాను. దాని నంబరు కంపెనీకి పంపితే, ఆ ఒక్క యంత్రంలోనే పనిచేసే ఫైలు వాళ్లు పంపుతారు. మొదటిసారి నంబరులో ఎనిమిది బదులు బి కొట్టాను. రెండు రోజులు ఏదీ తెరుచుకోలేదు. ఆ తప్పు దొరికినప్పుడు నవ్వుకుంటూ అందరికీ చెప్పాను. అలాంటి తప్పులు చెప్పుకోవడం సులువు.

మొదటి నెలలోనే చిక్కు వచ్చింది. కొన్ని పొద్దుల్లో ఆరో మనిషి వచ్చి నిలబడేవాడు. ఒకరోజు కార్యదర్శి తలుపు దగ్గర ఆగి, గది మొత్తం వినేలా, "ఏం సారూ, నీ కాగితంల గీ ఆరో మనిషి లేడా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది చిన్న మాట. మరిచిపోయే మాట. నేను మరిచిపోలేదు.

ఆ మధ్యాహ్నమే సర్వర్ ముందు కూర్చున్నాను. పని చేయకుండా సీటు పట్టుకుని కూర్చున్నవాళ్ల దగ్గర్నుంచి సర్వర్ తనంత తానే సీటు తీసేసుకునే ఏర్పాటు ఒకటి ఉంది. సెట్టింగుల ఫైల్లో ఒక్క వరుస రాస్తే చాలు. మౌసూ కీబోర్డూ ఎన్ని సెకన్లు కదలకపోతే సీటు తీసేయాలో ఆ అంకె రాయాలి. నేను తొమ్మిది వందలు రాశాను. పదిహేను నిమిషాలు. అంతకన్నా తక్కువ అది ఒప్పుకోదు. ఒప్పుకుని ఉంటే ఇంకా తక్కువ రాసేవాణ్నా? రాసేవాణ్నేమో.

ఎవరికీ చెప్పలేదు. చెబితే, అయిదు చాలవు కాబట్టే కదా ఇది పెట్టావు అంటారు. ఆ వారం నుంచి ఆరో మనిషి తలుపు దగ్గర కనిపించలేదు. నా లెక్క నిలబడింది.

ఇప్పుడు నర్సయ్య గురించి చెప్పాలి. ఇంతవరకు రాసిందంతా ఆ పేరు రాయకుండా జరుపుకుంటూ వచ్చినట్టుంది.

నర్సయ్య ముప్పై ఏళ్లు సాంచాలు నడిపినవాడు. నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. సాంచా చప్పుడుకు కుడి చెవి పోయింది. ఎడమది మిగలాలంటే ఆ చప్పుడుకు దూరంగా ఉండాలని కరీంనగర్ డాక్టరు చీటీ రాసిచ్చాడు. పాత అంచులు అతనికి తెలిసినంతగా ఊళ్లో ఎవరికీ తెలియవు. అందుకని సంఘం అతన్ని డిజైన్ గదిలో కూర్చోబెట్టింది. మౌసు పట్టడం నేర్చుకోవడానికి మూడు నెలలు పట్టింది. నేర్చుకున్నాడు.

అతని పద్ధతి వేరు. మిగతావాళ్లు గీసి, చెరిపి, మళ్లీ గీసి అంచు తెస్తారు. నర్సయ్య ముందు లెక్కపెడతాడు. పాత చీర కొంగు ఒళ్లో వేసుకుని, గోటితో ఒక్కో పోగు జరుపుతూ, పెదవులు కదుపుతూ లెక్కపెడతాడు. నాలుగు వందల పోగుల అంచు. మధ్యలో తప్పితే మళ్లీ మొదటి నుంచి. అర్ధగంట, ఒక్కోసారి ముప్పావుగంట తెర వైపు చూడనే చూడడు. ఆ తర్వాత మౌసు పట్టి ఒక్క గడి తప్పకుండా నింపుతాడు. పక్క సీటు కవిత అతన్ని ఆటపట్టించేది.

"చీరకు పేన్లు చూస్తున్నవా మామా?"

"చూస్తున్న బిడ్డా. దొరికితే నీకే ఇస్త."

సర్వర్‌కు ఒళ్లో చీర కనపడదు. కదలని మౌసు కనపడుతుంది. పోగులు లెక్కపెట్టడం పని కాదని దానికెవరు చెప్పారు? నేనే. నూలు స్టోరులో పోగుల మధ్య బతికినవాణ్ని, అది పనేనని నాకు తెలియదా?

అలా లెక్కపెడుతుండగా రోజూ అతని సీటు పోయేది; ఖాళీ ఉంటే మౌసు కదపగానే మళ్లీ దొరికేది, అతనికి తెలిసేది కాదు. ఒకరోజు అది ఇంకొకరికి దొరికింది. నర్సయ్య తల ఎత్తి మౌసు కదిపితే తెర మీద ఇంగ్లీషులో ఏదో వచ్చింది. అతనికి ఇంగ్లీషు రాదు. కనపడినదాన్ని నొక్కాడు. సాఫ్ట్‌వేర్ మూసుకుపోయింది. సేవ్ చేయనిదంతా పోయింది. మొదటిసారి కరెంటు అనుకున్నాడు. రెండోసారి కవితను అడిగితే, "ఏదో తప్పు నొక్కినవ్ మామా" అంది. ఆమెకూ తెలియదు.

నాకు తెలుసు. ఎవరికి ఎప్పుడు సీటు ఇచ్చిందీ, ఎప్పుడు ఎందుకు తీసుకుందీ సర్వర్ రాసుకుంటుంది. ఇతరులు పేపరు చదివినట్టు నేను రోజూ అది చదివేవాణ్ని. మొదటిసారే చూశాను. అతని పేరు, గంట, నిమిషం, కదలిక లేనందున తీసేసినట్టు ఒక మాట. సెట్టింగుల్లో నేను రాసిన వరుస చెరిపేయడానికి ఒక్క నిమిషం చాలు. ఎందుకు చెరపలేదు? చెరిపితే ఆరో మనిషి మళ్లీ వచ్చి నిలబడతాడు. కార్యదర్శి మళ్లీ ఏదో అంటాడు. పోనీ, మాటిమాటికి సేవ్ చేసుకోమని నర్సయ్యకు చెప్పవచ్చు కదా. చెబితే ఎందుకని అడుగుతాడు. ఇలా ఒక్కో దారినీ నేనే మూసుకుంటూ వచ్చాను, చాలా జాగ్రత్తగా, లెక్కల్లో చేసినట్టే.

మూడోసారి పోయింది ఇచ్చోడ అనే ఊరి నుంచి వచ్చిన దుకాణదారు చీర అంచు. అతను తొమ్మిది గజాల చీరలు నేయించాలని, వాళ్ల అమ్మ కట్టిన పాత చీర తెచ్చి, ఇదే అంచు కావాలన్నాడు. గురువారం వచ్చి నమూనా చూస్తానన్నాడు. ఆ అంచు లెక్క నర్సయ్యకు తప్ప ఎవరికీ అందదు. బుధవారం పొద్దున్నుంచి కూర్చుని మూడు వందల పోగుల దాకా నింపాడు. చివరి భాగం లెక్కపెట్టుకుని తల ఎత్తాడు. మొత్తం పోయింది. అన్నం తినకుండా మళ్లీ మొదలుపెట్టాడు. కళ్లు అలిసిపోయినట్టున్నాయి. నేసి తెచ్చిన నమూనాలో రెండు పోగులు తప్పాయి, పువ్వు మధ్యలో విరిగింది. దుకాణదారు దాన్ని వేళ్లతో తడిమి, మడిచి, బల్ల మీద పెట్టాడు.  పని ఇవ్వలేదు.

డిజైన్ గదిలో ఎవరు ఎంత పని చేస్తున్నారో చూడాలంది పాలకవర్గం. లెక్కల సారును పట్టిక తెమ్మంది. నేను తెచ్చాను. ఒక్కొక్కరి పేరు, పక్కన నెలలో సీటు వాడిన గంటలు. అందరికీ రోజుకు అయిదారు గంటలు. నర్సయ్యకు రెండు గంటల చిల్లర. అతని దగ్గర్నుంచి సర్వర్ లాక్కున్న గంటలు అందులో లేవు. అవి ఎందుకు లేవో రాయడానికి పట్టికలో గడి లేదు. ఆ గడి గీయనిది ఎవరు? ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. ఎవరైనా వచ్చి కూడి చూసుకోవచ్చు. ఇన్నేళ్లుగా నన్ను నిద్రపోనివ్వనిది అదేనేమో. అబద్ధం చెప్పి ఉంటే కనీసం అబద్ధమాడానని అనుకునేవాణ్ని.

పాలకవర్గం నర్సయ్యను గదిలోంచి తీసేసింది. చెవి మాట ఒకరు ఎత్తారు. పట్టిక ముందు అది నిలబడలేదు.

మరుసటి రోజు అతను నూలు స్టోరుకు వచ్చాడు. సర్వర్ పక్కనే నిలబడి, ఎడమ చెవి నా వైపు తిప్పాడు.

"సారూ, ఒక్క మాట అడుగుత. ఉన్నదున్నట్టు చెప్పు."

"అడుగు నర్సన్నా."

"మూడు సార్లు పోయింది గదా. నేనేమన్న తప్పు ఒత్తిన్నా, మిషన్ల ఏమన్న ఉన్నదా? నీకైతే ఎర్కుంటది."

నేను నూలు దండలు సర్దుతున్నట్టు చేశాను.

"మిషన్ల ఏం లేదు నర్సన్నా. చెప్పిందే చేస్తదది."

తన కుడి చేతి వైపు చూసుకున్నాడు.

"అంతేనా. అయితే నా చెయ్యే మొరటుది. పోనీ తియ్యి, నువ్వు చెప్పినంక ఇగ ఫికర్ లేదు. సాంచా అయితే గిట్ల అలగది."

నవ్వాడు. నా భుజం తట్టి వెళ్లిపోయాడు. నన్ను ఓదారుస్తున్నట్టు తట్టాడు.

మళ్లీ సాంచాల షెడ్డుకే పోయాడు. మూడేళ్లలో ఎడమ చెవి కూడా పోయింది.

అతను గదిలోంచి పోయిన మూడు నెలలకే ఆ తొమ్మిది వందల వరుస చెరిపేశాను. ఎవరూ గమనించలేదు. తర్వాత నాలుగు నెలల రాతలు తీసి లెక్క వేశాను. సీటు కోసం మనిషి ఆగాల్సి వచ్చింది తొమ్మిది సార్లు. అన్నిటికన్నా ఎక్కువ ఆగింది పదకొండు నిమిషాలు. అంటే నా మొదటి లెక్క దాదాపు సరైనదే. దాన్ని కాపాడాల్సిన పనే లేదు. ఆ కాగితం చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో ఆ రోజు లెక్కపెట్టలేదు.

నర్సయ్య ఇప్పుడు ఫోను ముట్టుకోడు. వీడియో కాల్‌కు భార్య నంబరు కలిపి ఇస్తే, తెర అతనికి కనపడేలా మనవరాలు పట్టుకోవాలి. షెడ్డు దగ్గర, ఛాయ్ హోటల్లో అందరికీ చెబుతాడట: నేను ముట్టుకుంటే కంప్యూటర్ సచ్చిపోయింది, సంఘపోళ్లు నాకు దండం పెట్టి పంపిన్రు అని. జనం నవ్వుతారు. బాగా చెబుతాడట. నా అబద్ధాన్ని అతను తన స్వభావం చేసుకున్నాడు.

రెండేళ్ల కింద ఒకసారి చెప్పాలని వాళ్లింటికి పోయాను. అతని భార్య ఛాయ్ ఇచ్చింది. నర్సయ్య ఎదురుగా కూర్చున్నాడు, సంతోషంగా. నేను మెల్లగా మొదలుపెట్టాను. అతను చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "జర గట్టిగ చెప్పు సారూ" అన్నాడు. ఇంకొంచెం గట్టిగా అన్నాను. వినపడలేదు. అరిస్తే తప్ప వినపడదు. తలుపు తీసి ఉంది, వాకిట్లో ఇద్దరు ఆడవాళ్లు కండెలు చుడుతున్నారు. ఆ మాట వీధికి వినపడేలా అరవాలి. అరవలేకపోయాను. ఆరోగ్యం ఎట్లుందని అరిచాను. మంచిగున్న అన్నాడు. ఛాయ్ తాగి వచ్చేశాను. అతని చెవి పోవడానికి కారణమై, ఆ పోయిన చెవి చాటునే దాక్కున్నాను.

కాగితం మీద రాసి ఇవ్వవచ్చు కదా అంటారు మీరు. అవును. అతనికి తెలుగు చదవడం వచ్చు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా అది నాకు తట్టలేదంటే నమ్మకండి.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, వచ్చే వారం ఆ పాత సర్వర్‌ను తీసేస్తున్నాం. కొత్త సాఫ్ట్‌వేర్ లైసెన్సులు కంపెనీ వాళ్లే ఇంటర్నెట్‌లో చూసుకుంటారట. పాత డిస్కు చెరిపి ఇవ్వమని నాకే చెప్పారు. నర్సయ్య పేరు పక్కన, పని పోయిన ఆ మూడు రోజుల వరుసలు ఉన్నది అందులోనే. చెరిపేస్తే ఇక ఎక్కడా ఉండవు, నాలో తప్ప. మొదట నాకు హాయి అనిపించింది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను, హాయి అనిపించింది. ఆ హాయికి భయపడి ఈ కాగితాలు తీశాను.

ఇవి అతనికి ఇస్తానా? తెలియదు. ఇస్తానని రాస్తే ఇప్పుడే మంచివాణ్ని అయిపోయినట్టుంటుంది, అందుకే రాయను. ఇచ్చినా అతని చెవి రాదు. రాసినందుకు గుండె కొంచెం తేలికైంది. ఆ తేలిక నాకు దక్కాల్సింది కాదు, అయినా వచ్చింది.

నర్సయ్య తప్పు ఏదీ నొక్కలేదు. మూడు సార్లూ అతని పని పోగొట్టింది నేను రాసిన వరుస. అతను నన్ను అడిగిన రోజు ఆ సంగతి నాకు తెలుసు.