మనవాడు, మన ఊరివాడు

పోయిన నెల ఒక మధ్యాహ్నం, భోంచేసి కాసేపు నడుం వాలుద్దామని మంచం మీద కూర్చున్న వేళకు, ప్రొద్దుటూరులో మా ఇంటి గుమ్మం ముందు ఒక యువకుడు వచ్చి నిలబడి, చొక్కా జేబులోంచి రంగు మారిపోయిన చిన్న కాగితం ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. దాని మీద ఒకే ఒక్క మాట ఉంది: ‘మనవాడు’. ఆ అక్షరాలు నావే. ఒళ్లు మండి, పళ్లు కొరుక్కుంటూ నేను రాసి, మిఠాయి పొట్లంలో పెట్టి, జమ్మలమడుగు బస్సులో పంపిన చీటీ అది. ఎవరికి పంపానో ఆయన పోయి పదిహేనేళ్లు దాటింది. వచ్చినవాడు ఆయన మనవడు, కొడుకు కొడుకు. తాత పెట్టెలో ఇట్లాంటి చీటీల కట్ట ఒకటి దొరికిందనీ, చిన్నప్పుడు తమ ఇంటికి ప్రొద్దుటూరు నుంచి మైసూరుపాకు పంపిన చుట్టం నేనేనని అమ్మ చెప్పిందనీ, అందుకే ధైర్యం చేసి వచ్చాననీ అన్నాడు. చుట్టమట! నాకు నవ్వు కూడా రాలేదు.

ఆ చీటీల కథ చెప్పాలంటే నలభై అయిదేళ్లు వెనక్కి పోవాలి. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మా వైపు ఉద్యోగమంటే చదువు ఒక్కటే చాలేది కాదు, చదువుతోపాటు ఊరి పెద్ద ఇచ్చే చీటీ కూడా చేతిలో ఉండాలి. జమ్మలమడుగుకు దగ్గరలోనే ఉన్న మా ఊరికి పెద్ద ఒక రైతు. వరసకు మాకేమీ కాడు గానీ ఊరంతా ఆయనను పెద్దమామ అనేవాళ్లు. మాది మగ్గాల ఇల్లు. మా నాయన గుంతలో కాళ్లు పెట్టుకుని పొద్దస్తమానం నేసేవాడు, మా అమ్మ రాట్నం దగ్గర కూర్చునేది, నేను మాత్రం ఏ జన్మ పుణ్యమో ఇంటర్ దాకా చదివి, చక్కటి చేతిరాత ఉందని పేరు తెచ్చుకున్నాను. ఆ రాత చూసే పెద్దమామ నన్ను పిలిపించి, తన ఉత్తరాలు రాసిపెట్టమన్నాడు. ఆయనకు చూపు సరిగా ఆనేది కాదు. నేను వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేసేవాడు, ఉత్తరం ఒకసారి చదివించుకుని వినేవాడు, అంతే.

ఎర్రగుంట్ల దగ్గర అప్పట్లో ఒక ఫ్యాక్టరీ ఉండేది. దాని పేరు ఇప్పుడు చెప్పి లాభం లేదు, ఎప్పుడో మూతపడింది. అందులో పనికి కుదిరితే ఒక కుటుంబం గట్టెక్కినట్టే లెక్క. సోమవారం వస్తే చాలు, పెద్దమామ వసారాలో తల్లులూ తండ్రులూ బారులు తీరేవాళ్లు. ఆ మనిషిలో ఒక గొప్ప గుణం ఉందని అందరం అనుకునేవాళ్లం: ఎవరికీ లేదనేవాడు కాదు. వచ్చినవాళ్లందరికీ చీటీ. ఆయన చెప్పేవాడు, నేను రాసేవాణ్ని. కొన్నింటి చివర ‘ఇతడు మనవాడు, గమనించగలరు’ అని రాయించేవాడు, కొన్నింటి చివర ‘ఇతడు మన ఊరివాడు, గమనించగలరు’ అని. రెండింటికీ తేడా ఏముంటుందని నేనెన్నడూ ఆలోచించలేదు. చీటీ అందుకున్న తల్లులు నాకూ దండం పెట్టేవాళ్లు. ఒకామె వేరుశనక్కాయలు ఉడకబెట్టి తెచ్చి నా ఒళ్లో పోసింది. నేను తిన్నాను కూడా.

మా పెద్దమ్మ కొడుకు, నాకంటే నాలుగేళ్లు పెద్ద, ఐటీఐలో ఫిట్టరు కోర్సు చేసి వచ్చాడు. మా అన్న చేతిలోకి వస్తే ఏ యంత్రమైనా మాట వినేది. ఊళ్లో నీళ్ల మోటార్లన్నీ ఆయనే బాగుచేసేవాడు. ఆయనకు మూడుసార్లు చీటీ రాశాను. మూడుసార్లూ ఎర్రగుంట్ల పోయి, గేటు బయట ఎండలో నిలబడి, మళ్లీ చెబుతామన్నారని తిరిగి వచ్చాడు. ప్రతిసారీ చీటీ చేతికి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఏం రాతరా నీది, అచ్చేసినట్ల ఉండాది. ఈ తూరి కచ్చితంగా పని అయితాది సూడు’ అనేవాడు. మూడోసారి కూడా కాకపోయేసరికి విసిగిపోయి నాపరాళ్ల గనిలో కూలికి చేరాడు. ఆ గని పెద్దమామదే. మా అన్న ఒక్కడే కాదు, చీటీ పట్టుకుని పోయి వట్టి చేతులతో తిరిగివచ్చిన కుర్రాళ్లలో చాలామంది అదే గనికి పోయేవాళ్లు. పాపం, ఆ మామ వీళ్లకు ఏదో ఒక దారి చూపిస్తున్నాడని ఊరు మెచ్చుకునేది.

మూడేళ్లు రాశాక నాకూ ఒక చీటీ కావాలని అడిగాను. ఆయన నవ్వి, దానికేం భాగ్యం, రాసుకోమన్నాడు. ఆయన చెప్పినట్టే నా గురించి నేనే, అందమైన అక్షరాలతో, ‘ఇతడు మన ఊరివాడు, గమనించగలరు’ అని రాసుకుని, చూపించిన చోట సంతకం పెట్టించుకుని, మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎర్రగుంట్ల పోయాను.

ఫ్యాక్టరీ టైమాఫీసులో ఒక ముసలి గుమాస్తా ఉండేవాడు. ఆయన చీటీ విప్పి, పుస్తకంలో నా చేత పేరు రాయించుకుని, దాన్నీ చీటీనీ మార్చి మార్చి చూసి అడిగాడు: ‘ఈ రాత నీదేనా అప్పా? మూడేండ్లుగా సూస్తాండా. ఇంత సక్కంగా రాస్తావు, నువ్వేం రాస్తాండావో నీకే తెలీదా?’ మేనేజరు భోజనానికి లేచాక నన్ను లోపలికి తీసుకుపోయి చూపించాడు. మేనేజరు బల్ల మీద ఒక ఫైలు, అందులో ఉన్నవన్నీ ‘మనవాడు’ చీటీలే. బంట్రోతు కూర్చునే స్టూలు కింద ఒక గోనెసంచి, దాని నిండా ‘మన ఊరివాడు’ చీటీలు. మొదటి మాట ఉంటే పని ఇవ్వమని, రెండో మాట ఉంటే ఇవ్వొద్దని పెద్దమామకూ మేనేజరుకూ ఎప్పుడో కుదిరిన ఒప్పందం. ఆయన చుట్టపక్కాలు మనవాళ్లు. మేమంతా వట్టి ఊరివాళ్లం. గోనెసంచిలో చేయి పెట్టి చూస్తే అడుగుదాకా నా అక్షరాలే. వెతికి మా అన్నవి మూడు తీసుకుని, నాది నేను చించేసి, బయటికి వచ్చాను. ఎర్రగుంట్ల స్టేషను బయట లారీల దుమ్ములో ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. మోసం చేసినవాడి మీద ఎంత కోపం వచ్చిందో, మూడేళ్లు ఆ మోసాన్ని గుండ్రంగా, తలకట్టు చెదరకుండా రాసిపెట్టిన నా చేతి మీద అంత అసహ్యం వేసింది.

ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. సోమవారం ఎప్పటిలాగే పోయి వసారాలో కూర్చున్నాను. ఆ రోజునుంచి పెద్దమామ ‘మన ఊరివాడు’ అని చెప్పినప్పుడల్లా నేను ‘మనవాడు’ అని రాశాను. చదివి వినిపించేటప్పుడు మాత్రం ఆయన చెప్పిన మాటే పలికేవాణ్ని. ఆయన తల ఊపి సంతకం పెట్టేవాడు. ఆ తల ఊపు చూస్తున్నప్పుడు నాకు కలిగిన ఆనందం దొంగ ఆనందమని తెలుసు, అయినా అంత హాయి నా పెళ్లినాడు కూడా లేదు. ఏడాది తిరిగేసరికి మా వీధిలో ఇద్దరు మగ్గాల పిల్లలూ, గొర్రెలు కాసే మామ కొడుకూ, కుండలు చేసే అత్త కూతురూ ఫ్యాక్టరీలో చేరారు. ఆ అమ్మాయి మొక్కు తీర్చుకోవడానికి శ్రావణ శనివారం గండి ఆంజనేయస్వామి దగ్గరికి పోయి, నాకూ ప్రసాదం తెచ్చింది. స్వామి దయ అంది. కాదనలేదు నేను.

మా అన్నకు నాలుగో చీటీ నేనే పట్టుబట్టి రాశాను, ఈసారి ‘మనవాడు’ అని. ఫ్యాక్టరీవాళ్లు పిలిచారు, పని చేయించి చూశారు, మెచ్చుకున్నారు. ఆ తర్వాత డాక్టరు పరీక్షకు పంపారు. గని దుమ్ము గుండెల్లో దిగిపోయిందని, పనికి రాడని తిప్పి పంపేశారు. ఇంటికి వచ్చి, ‘నీ రాతలో తప్పేమీ లేదులేరా, నా రొమ్మే మంచిది కాదంట’ అని నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

ఆ వారమే నేను ఒళ్లు తెలియకుండా తప్పు చేశాను. పెద్దమామ కూతుర్ని పులివెందులకు ఇచ్చారు. ఆ అల్లుడి తమ్ముడికి ఫ్యాక్టరీలో ఆఫీసరు పని కావాలని, మంచిగా రాయమని, చివర ‘మనవాడు’ అని పెట్టమని పెద్దమామ చెప్పాడు. నేను కసికొద్దీ ‘మన ఊరివాడు’ అని రాసి ఇచ్చాను. పులివెందుల కుర్రాడు మా ఊరివాడు ఎట్లా అవుతాడన్న ఆలోచన నా బుర్రకు రానేలేదు. మేనేజరుకు మాత్రం వచ్చింది. చీటీ వెనక్కి పంపి, ఇదేమిటని అడిగాడు.

పెద్దమామ నన్ను పిలిపించాడు. వసారాలో ఇంకెవరూ లేరు. చీటీ నా ముందు పడేసి, ‘పులివెందల పిల్లోడు మన ఊరివాడెట్లాయరా?’ అన్నాడు. గొంతు హెచ్చించలేదు. నా నోరు ఆగలేదు. ‘మా అన్న మనవాడు ఎందుకు కాల్యా మామా?’ అన్నాను. ఆయన కలం ఆడ పెట్టి పొమ్మన్నాడు. నేను పోయాను. నా మీద ఎవరికీ ఫిర్యాదు చేయలేదాయన. చేయాలన్నా, చేరినవాళ్లను తీసేయించాలన్నా రెండు మాటల రహస్యం ఊరికి చెప్పాలి కదా, అది ఆయనవల్ల కాదు. అందుకే ఫ్యాక్టరీలో చేరినవాళ్లు చేరినట్టే ఉండిపోయారు.

ప్రొద్దుటూరు వచ్చి, బజారు వెనక సందులో ఒక గది తీసుకుని, రెండు పాత టైపు మిషన్లతో ఇన్‌స్టిట్యూటు పెట్టాను. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. లేని ఇళ్ల పిల్లలకు దరఖాస్తు నింపడం, ఇంటర్వ్యూలో తల ఎత్తి మాట్లాడడం, ఎవరి చీటీ లేకుండా గేటు దాటడం నేర్పాను. మొన్న ఎవరో నన్ను సేవామూర్తి అని పిలిచి శాలువా కప్పారు. నేను చేసింది సేవ కాదు, కక్ష. ఒక పిల్లో పిల్లాడో ఉద్యోగంలో చేరినప్పుడల్లా అరకేజీ మైసూరుపాకు కట్టించి, పైన ‘మనవాడు’ అనో ‘మన పిల్ల’ అనో చీటీ రాసి పెట్టి, జమ్మలమడుగు బస్సు కండక్టరు చేతికిచ్చి పెద్దమామ ఇంటికి పంపేవాణ్ని. ఆ పొట్లం విప్పినప్పుడు ఆయన ముఖం ఎట్లా ఉంటుందో ఊహించుకుంటే నాకు ఆ రోజంతా ఆకలయ్యేది కాదు. మా అన్న పదేళ్ల కూతుర్ని వదిలి పోయినప్పుడు, ఆ వారం రెండు పొట్లాలు పంపాను.

ఆ మిఠాయినే ఈ మనవడు చుట్టం పంపిన మిఠాయని తిని పెరిగాడు. వాళ్ల బోర్లు ఎండిపోయాయి, భూమి చేజారింది, వాళ్లమ్మ ఇప్పుడు జాకెట్లు కుడుతోంది. వీడు డిప్లొమా చేసి రెండేళ్లుగా తిరుగుతున్నాడు. పులివెందుల దగ్గర కొత్తగా వచ్చిన కంపెనీలో మనుషుల్ని తీసుకునే అధికారి మా అన్న కూతురే, నా గదిలో నేను చదివించిన పిల్లే. ఆమెకొక మాట చెప్పమని వీడు అడుగుతున్నాడు. ఇట్లాంటి రోజు కోసం నేను ఎన్ని ఏళ్లు ఎదురుచూశానో! ఎవరికీ చీటీ ఇవ్వనన్న నా నియమాన్ని ఆ ఒక్కరోజు పక్కన పెట్టి, వాడి ఎదురుగానే ఫోను తీసుకుని, ఒక్కో అక్షరం నొక్కుతూ ఆమెకు పంపాను: ‘ఇతడు మన ఊరివాడు, గమనించగలవు.’ వాడు నా కాళ్లకు దండం పెట్టి వెళ్లిపోయాడు. నాకు చాలా తృప్తిగా ఉండింది, ఆ రోజు సాయంత్రం దాకా.

సాయంత్రం ఆమె ఫోను చేసింది. ‘చిన్నాయనా, మన ఊరోడా! మా నాయన ఊరి నుంచి ఇన్నేండ్లకు ఒకడు వచ్చినాడు. శానా సంతోషం’ అంది. ఆ మాటకు అర్థమేమిటో ఆమెకు నేనెన్నడూ చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. నాలుగు రోజులకు మళ్లీ ఫోను చేసి, పరీక్ష పెడితే బాగా రాశాడనీ, మోటారు విప్పి చూపించమంటే అచ్చం వాళ్ల నాయన గురించి నేను చెప్పినట్టే చేశాడనీ చెప్పింది. వాడు పోయినవారం చేరాడు. వాళ్లింటి నుంచి అరకేజీ మైసూరుపాకు బస్సులో నాకు వచ్చింది. రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు.

మన కాలం అట్లా పోయింది. ఆ రెండు మాటల మధ్య ఒక మనిషి బతుకు కూలిపోయిందని తెలిసినవాణ్ని ఇప్పుడు నేనొక్కణ్నే మిగిలాను. ఈ కాలపు పిల్లలకు మన ఊరివాడంటే మన ఊరివాడే. అది మంచిదేనని నా బుద్ధి చెబుతోంది, మనసు మాత్రం ఒప్పుకోవడం లేదు. ఆ కుర్రాడి తాత ఏం చేశాడో మా అన్న కూతురికి చెప్పాలని ఎన్నోసార్లు ఫోను చేతిలోకి తీసుకుని పెట్టేశాను. చెప్పాలంటే ఆ చీటీలు రాసింది నేనేనని కూడా చెప్పాలి. ఆనాడు పెద్దమామ నోరు ఎందుకు పెగల్లేదో, ఇప్పుడు నా నోరూ అందుకే పెగలడం లేదు. అది తెలిశాక సిగ్గేసి, ఇదంతా రాసి అచ్చుకు ఇస్తున్నాను. ఆమె చదువుతుంది. చదివి వస్తే గోనెసంచిలోంచి తెచ్చిన ఆ మూడు చీటీలూ చేతికిస్తాను. ఏమైనా అననీ, పడతాను. వాళ్ల నాయన లాగా వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, రాత చక్కగా ఉందని మాత్రం అనకుండా ఉంటే చాలు.