ఫాల్ పార్టీకి పంచనామా

మిషిగన్ రాష్ట్రంలోని మా నోవైలో అక్టోబరు వచ్చిందంటే ఆఫీసులో నాతో అందరూ రెండే విషయాలు మాట్లాడతారు. మీ దీపావళి ఎప్పుడు, ఈ చలి తట్టుకోగలవా. పదిహేడేళ్లుగా ఇదే ఊళ్లో మంచు ఎత్తిపోసుకుంటున్నానని చెప్పినా లాభం లేదు. ఒక ఏడాది అక్టోబరు మొదటి సోమవారం లంచ్ టేబుల్ దగ్గర, కొత్తగా చేరిన ఒకతను గుమ్మడికాయ అంటే ఏమిటో నాకు ఓపిగ్గా వివరించాడు. దాన్ని వండుకుని తినవచ్చట కూడా.

నాకు ఒళ్లు మండింది. మేం ఏటా ఆకులు రాలే ఈ రోజుల్లో ఇంట్లో ఫాల్ కాక్‌టెయిల్ పార్టీ ఇస్తాం అన్నాను. పచ్చి అబద్ధం. అప్పటిదాకా మా ఇంట్లో జరిగిన పార్టీలన్నీ బిర్యానీ ట్రేలతో మొదలై గ్రీన్‌కార్డు గోడుతో ముగిసినవే. మా మేనేజర్, యాభై దాటిన తెల్లావిడ, ఫోర్కు కింద పెట్టి, ఈసారి ఎప్పుడని అడిగింది. మూడు వారాల్లో అనేశాను. ఆవిడ వెంటనే క్యాలెండర్ తెరిచింది. అది చూసి టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లంతా తెరిచారు.

మా ఆయనది కరీంనగర్. మామూలుగా శాంతమూర్తి. సంగతి విని టీవీ ఆపాడు.

"ఎవల్ని అడిగి చెప్పినవ్? కాక్‌టెయిల్ అంటే నాకు థమ్సప్‌ల పోసుడు తప్ప ఏం తెల్వదు."

ఆయన్ని యూట్యూబ్‌కి అప్పగించాను. అసలు చిక్కు వేరే ఉంది. అప్పుడు మా నాన్న మా ఇంట్లో ఉన్నారు. అమ్మకి విమానం పడదు కాబట్టి ఒక్కరే నాలుగు నెలలకి వచ్చారు. ముప్పై ఒక్క ఏళ్లు ఎక్సైజ్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. పేపర్లో 'వెయ్యి లీటర్ల బెల్లపు ఊట ధ్వంసం' అని వార్త వేసి, పగిలిన నాటుసారా కుండల మధ్య నలుగురు ఖాకీలు నిలబడ్డ ఫొటో వేస్తారే, ఆ నలుగురిలో మా నాన్న తరచూ ఒకరు. జీవితంలో చుక్క ముట్టలేదు. బళ్లో నన్ను 'సారా పిల్ల' అనేవాళ్లు. పెళ్లి చూపుల్లో ఏ శాఖ అని అడిగితే, నేను లోపల గదిలోంచి దేవుడికి దణ్ణం పెట్టుకుంటుండగా, అమ్మ రెవెన్యూ అని చెప్పింది.

పార్టీ జరిగే శనివారం ఆయన్ని ఎక్కడికైనా పంపేద్దామని చూశాను. గుడికి దింపుతానన్నాను. ఫ్రెండ్ వాళ్ల నాన్నగారితో చీట్లాట ఏర్పాటు చేస్తానన్నాను. ఆయన నా ముఖం చూసి, ఏం పట్టుకొస్తున్నారేమిటి ఇంటికి అని అడిగారు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. ఇక దాచలేక చెప్పాను. కోప్పడలేదు. దానికి లైసెన్సు కావాలా అని మాత్రం అడిగారు.

పార్టీకి రెండు వారాల ముందే సైడర్ మిల్లుకి వెళ్లి, అప్పుడే పిండిన యాపిల్ రసం మూడు పెద్ద జగ్గులు తెచ్చాను. ఇక్కడ సైడర్ అంటే మామూలు రసమే, మందు కాదు. తాగనివాళ్ల కోసం. ఫ్రిజ్ నిండా దోసెల పిండి ఉండటంతో జగ్గుల్ని లాండ్రీ గదిలో డ్రయ్యర్ పక్కన పెట్టి, వాటి మాటే మర్చిపోయాను. తర్వాత అలంకరణల మీద పడ్డాను. గుమ్మం ముందు గుమ్మడికాయలు, ఎండిన మొక్కజొన్న కట్టలు, మెట్ల మీద గడ్డిమోపు. షాపులో ప్లాస్టిక్ మేపుల్ ఆకుల దండలు కొన్నాను. నాన్న అప్పుడే పెరట్లో నిజమైన ఆకులు ఊడ్చి పదకొండు సంచులు నింపి వచ్చారు. దండలకేసి చూసి, సంచులకేసి చూసి, చేతులు కడుక్కోవడానికి వెళ్లారు.

పార్టీ నాలుగింటికి. మూడున్నరకి మా ఆయన వీడియోలో చూసినట్టు రోజ్‌మేరీ రెమ్మ కాల్చి ఆ పొగ గ్లాసులోకి పట్టబోయాడు. ఇంట్లో ఉన్న ఐదు స్మోక్ అలారాలూ ఒకేసారి మోగాయి. నాన్న కుర్చీ ఎక్కి పేపరుతో విసురుతుంటే మొదటి కారు వచ్చి ఆగింది. మేనేజర్. చేతిలో పళ్లెంలో యాపిల్ పై.

ఆవిడ వెనకే, పిలవని అతిథి ఒకరు వచ్చారు. మా ఎదురింటి ఆంటీ. కూతురి దగ్గర ఉంటారు. మా వీధిలో శనివారం భజనలు నడిపేది ఆవిడే. గుమ్మం ముందు గుమ్మడికాయలూ మొక్కజొన్న కట్టలూ చూసి, దసరా రోజులు కదా, మేమేదో కొత్త రకం బొమ్మల కొలువు పెట్టామనుకున్నారు. కంచిపట్టు చీర కట్టుకుని, గిన్నెడు శనగల తాలింపుతో పేరంటానికి వచ్చారు. బొమ్మలేవమ్మా అని అడిగారు. బర్బన్ విస్కీ సీసాలకి అడ్డం నిలబడి, ఇక్కడి పద్ధతి ఆంటీ, బొమ్మలుండవు అన్నాను.

పంపెయ్యలేను కదా. సోఫాలో మధ్యన కూర్చోబెట్టి, పరుగెత్తి లాండ్రీ గదిలోంచి సైడర్ తెచ్చాను. జగ్గు మూతలు కాస్త ఉబ్బి ఉన్నాయి. మొదటిది తిప్పగానే బుస్సుమంది. ఖరీదైన సరుకు కదా, సోడా కూడా కలిపారేమో అనుకున్నాను. పెద్ద గాజు గిన్నెలో పోసి, దాల్చినచెక్క, నారింజ ముక్కలు వేసి, 'మద్యం లేనిది' అని ఇంగ్లీషులో అందంగా రాసిన అట్టముక్క ఆనించాను.

ఆంటీకి అది తెగ నచ్చింది. మా ఊరి పానకంలా ఉందే అన్నారు. ఆఫీసువాళ్లంతా వచ్చేలోగా ఒకటి, రెండు, మూడు గ్లాసులు. మూడోది సగంలో ఉండగా పక్కన కూర్చున్న నా సహోద్యోగికి లలితా సహస్రనామం విశిష్టత తెలుగులోనే చెప్పడం మొదలుపెట్టారు. అతను తలాడించాడు. తర్వాత, మొన్న ఉగాదికి నేను చేసిన పులిహోరలో పులుపే లేదని గదికంతటికీ తెలియజేశారు. మా ఆయన పల్చబడ్డ నెత్తి చూసి జాలిపడ్డారు. చీర కుచ్చిళ్లు సర్దుకుని లేచి, తిన్నగా మా మేనేజర్ ముందుకెళ్లి నిలబడ్డారు.

"ఈ అమ్మాయికి ప్రమోషన్ వై నాట్ గివింగ్? ఫైవ్ ఇయర్స్. షి ఈజ్ క్రయింగ్ ఇన్ బ్యాక్‌యార్డ్."

బట్టలారేస్తూ ఎప్పుడో ఆవిడ దగ్గర ఏడ్చిన మాట నిజమే. మేనేజర్ మెడ మీదుగా ఎరుపు పైకి పాకడం చూశాను. నా మెడ రంగు నాకు కనబడలేదు.

అప్పుడు నాన్న వచ్చారు. అప్పటిదాకా మజ్జిగ గ్లాసుతో కిటికీ దగ్గర కూర్చున్నారు. ఆంటీ చేతిలోని గ్లాసుకి మూరెడు దూరంలో ఆగి, కళ్లు మూసుకుని ఒక్కసారి గాలి పీల్చారు.

"ఈ రసం పిండి ఎన్నాళ్లయిందమ్మా?"

"రెండు వారాలు నాన్నా. లాండ్రీ గదిలో పెట్టాను."

"ఇది ఊట. బాగా పులిసి పొంగింది."

కాక్‌టెయిళ్ల బల్లకి ఆమడ దూరంలో కూర్చోబెట్టి మరీ భజన ఆంటీకి కల్తీలేని మందు పోశానన్నమాట. నాన్న మాత్రం పదేళ్లు చిన్నవారయ్యారు. కాగితం, పెన్ను తెమ్మన్నారు. సరుకు పట్టుబడింది కాబట్టి పంచనామా రాయాలి, సాక్షులుగా ఇద్దరు మధ్యవర్తులు కావాలన్నారు. మా ఆయన నవ్వు ఆపుకుంటూ అందరికీ ఇంగ్లీషులో చెప్పాడు. మొదట చెయ్యెత్తింది మేనేజరే. ఆంటీ ప్రశ్న నుంచి తప్పించుకోవడానికి ఆ క్షణంలో ఆవిడ ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేదే. రెండో మధ్యవర్తి, నాకు గుమ్మడికాయ గురించి చెప్పినతను. నిందితురాలు, నేను. మూడు జగ్గులు, ఒక గిన్నె, రంగు, వాసన, స్థలం లాండ్రీ గది అని నాన్న గుండ్రటి అక్షరాలతో రాశారు. అందరం పెరట్లోకి నడిచాం. ఆయన ఒక్కో జగ్గూ గడ్డి మీద వంచుతుంటే జనం చప్పట్లు కొట్టారు.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని మేనేజర్ అడిగింది. నాన్న తెలుగులో చెబుతూ వచ్చారు, నేను ఇంగ్లీషులోకి మారుస్తూ వచ్చాను. ఆ శాఖ పేరు నా నోటితో నలుగురి ముందు చెప్పడం అదే మొదటిసారి. తోటల్లో దాడుల గురించి, వాసనని బట్టి వీధి కనిపెట్టడం గురించి చెప్పారు. తర్వాత గొంతు తగ్గించి ఒక ముసలావిడ సంగతి చెప్పారు. నాలుగు కుండలు పగలగొట్టాక, ఒక్కటి వదిలెయ్యి నాయనా, అది తప్ప నాకింకేం లేదని ఆవిడ కాళ్లు పట్టుకుందట. నేను మార్చకుండా ఆగిపోయాను.

"చెప్పు. అదీ చెప్పు," అన్నారు. "అయిదోదీ కొట్టేశాను. ఆవిడ తర్వాత ఏం చేసి బతికిందో కనుక్కోలేదు."

చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మేనేజర్ ఆయన చేతిలోని ఖాళీ జగ్గు అందుకుని లోపలికి తీసుకెళ్లింది.

ఆంటీకి నిజం చెప్పే పని నామీద పడింది. వంటింట్లో కూర్చోబెట్టి, చిక్కటి ఫిల్టర్ కాఫీ ఇచ్చి, చెప్పాను. ఆవిడ కాఫీ అంతా తాగి గ్లాసు కింద పెట్టారు.

"తెలియక తాగింది దోషం కాదులే. నేను అన్నది మాత్రం తెలిసే అన్నాను," అన్నారు. వాళ్ల అల్లుడు వచ్చి చెయ్యి పట్టుకుని వీధి దాటించాడు. శనగల గిన్నె అప్పటికే ఖాళీ. బర్బన్‌లోకి శనగల తాలింపు ఎంత బాగుంటుందో ఆ సాయంత్రమే మిషిగన్‌కి తెలిసింది.

సోమవారం మేనేజర్ నన్ను గదిలోకి పిలిచింది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ప్రమోషన్ కావాలని నువ్వెప్పుడూ అడగలేదేం అంది. ఆలోచించాను. నిజంగానే అడగలేదు. పని చేస్తూ పోతే ఎవరో ఒకరు చూస్తారని ఐదేళ్లు కూర్చున్నాను. అదే మాట ఆవిడతో అంటే, చూశాను, నీకిదే బాగుందనుకున్నాను అంది. ఆవిడ మీద కోపం వచ్చింది, నామీద ఇంకా ఎక్కువ వచ్చింది. ఆ కోపంలోనే అడిగేశాను.

మార్చిలో ప్రమోషన్ వచ్చింది. అప్పటికి నాన్న ఇంటికి వెళ్లిపోయారు. ఫోన్ చేసి చెప్పాను. ఆర్డరు కాగితం మీద ఇచ్చారా, నోటిమాటేనా అని అడిగారు.